విమానం పోయినంక చెప్పు

ఇకమీదట మా మండలంలో దిగులుపడే విద్యార్థి ఒక్కరూ ఉండబోరని పార్టీ మండలాధ్యక్షులు మల్లేశ్వర్ గారు మైకులో ప్రకటించారు. అందుకోసం మా హైస్కూల్లో ఆటసామాన్ల గది ఖాళీ చేయించి, రంగు వేయించి, 'మనోవికాస కేంద్రం' అని బోర్డు పెట్టించారు. అత్తాపూర్ నుంచి చాముండేశ్వరి గారనే సైకాలజిస్టును కూడా రప్పించారు. ఆ బడిలో తెలుగు చెప్పే నేను ఇంత దూరదృష్టి మరెక్కడా చూడలేదు.

గదిలో ఒక పిల్లను విడిగా కూర్చోబెట్టి మాట్లాడించాల్సింది ఎప్పుడు? అది తేల్చడానికి కమిటీ వేశారు. చైర్మన్ కూడా మల్లేశ్వర్ గారే.

"అవసరమైనప్పుడండీ," అన్నారు చాముండేశ్వరి గారు.

"అవసరమని ఎవరు చెప్పాలె మేడం? రేపు బడి మొత్తం మాకు బాధ ఉన్నదంటే ఏం చేస్తం? ట్రాన్స్‌పరెన్సీ ఉండాలె. కమిటీ ముంగట నోటితోని అడిగినోళ్లకే."

మొదటి పేరు ఎనిమిదో తరగతి రేఖది. తల్లి పోయినప్పటి నుంచి ఆ పిల్ల బడిలో నోరు విప్పలేదు.

"చెప్పు బిడ్డా, ఏం పరేషాన్?"

రేఖ నేల చూసింది.

"మాట్లాడకపోవుడే పరేషాన్ సార్," అన్నారు హెడ్మాస్టర్ దశరథం గారు.

"గదే, ఆమె నోటితోని చెప్పాలె గద."

ఈ తర్కానికి కమిటీ తలలూపింది. అంతలో పైన ఉరుము మొదలైంది.

"ఆగు బిడ్డా. విమానం పోయినంక చెప్పు."

మా బడి రన్‌వేకు దగ్గర. విమానమొస్తే ఎవరైనా మాట మధ్యలో ఆగి, అది పోయాక అక్కడి నుంచే అందుకుంటారు. పొద్దుటి ప్రార్థన కూడా అంతే. అధ్యక్షుల వారు చెయ్యి గాలిలోనే ఉంచి ఆగారు. దశరథం గారు సమోసా కొరికి ఆగారు.

అప్పుడు రేఖ నోరు తెరిచింది. ఆపకుండా మాట్లాడింది. చెంపల మీదుగా నీళ్లు కారుతున్నాయి. మా ఆనవాయితీ తెలియని చాముండేశ్వరి గారు వంగి, ఆ పిల్ల నోటి దగ్గర చెవి పెట్టారు.

విమానం పోయింది. రేఖ నోరు మూసుకుంది. అధ్యక్షుల వారు చెయ్యి దించారు.

"ఇగ చెప్పు."

రేఖ నేల చూసింది.

"ఏం బాధ లేదట. రాసుకోండ్రి."

"ఇప్పుడే కదండీ మాట్లాడింది?"

"విమానమున్నప్పుడు మాట్లాడింది లెక్కకు రాదు మేడం. మీరు కొత్త, మీకు ఎర్కలేదు."

ఆ విధంగా ఒక్క కేసూ రాకుండానే కేంద్రం లక్ష్యం చేరుకుంది. అందరం చప్పట్లు కొట్టాం. గది ఊరికే ఉండడమెందుకని పార్టీ ఫ్లెక్సీలు లోపల పెట్టించి, తాళం వేయించి, తాళంచెవి జేబులో వేసుకుని అధ్యక్షుల వారు కారెక్కారు.

చాముండేశ్వరి గారు రెండు కుర్చీలు వరండా దాటించి, ఎండలో ఎదురెదురుగా వేశారు.

"మళ్లీ విమానం ఎప్పుడొస్తుందమ్మా?"

రేఖ చెయ్యెత్తి, విమానాలొచ్చే మంఖాల్ వైపు ఆకాశం చూపించింది.