ఓడీ మీద వెళ్ళే గ్రౌండు

గుండ్లేరుపాడు జిల్లా పరిషత్ హైస్కూలు గ్రౌండు ప్రతి శనివారం సాయంత్రం ఆరున్నరకు అమెరికా వెళ్ళి, అక్కడ హార్లన్‌ఫోర్డ్ అనే చిన్న ఊళ్ళో ఒక రగ్బీ లీగ్ మ్యాచి ఆడించి, ఆదివారం పాలవాళ్ళు వచ్చే వేళకు తిరిగి వస్తుంది. వెళ్ళేముందు హెడ్మాస్టరు పానకాలరావు మూవ్‌మెంటు రిజిస్టరులో "గ్రౌండు – ఓడీ" అని రాసి సంతకం పెడతారు. ఆన్ డ్యూటీ మీద వెళ్తోంది కాబట్టి దాని సెలవులు తగ్గవు. అది లేనంత సేపూ ఆ చోట ఒక గుంట ఉంటుంది. అటెండరు చుట్టూ తాడు కట్టి, "గ్రౌండు లేదు, చూసి నడవండి" అని రాసిన అట్ట వేలాడదీస్తాడు. పదకొండేళ్ళలో ఒక గేదె తప్ప అందులో ఎవరూ పడలేదు.

హార్లన్‌ఫోర్డ్ మ్యూల్స్ అనే ఆ క్లబ్బును పెట్టింది డార్లీన్ కుబియాక్. ఆమె స్కూలు బస్సు నడుపుతుంది. ఆమెతో పాటు ఇద్దరు ప్లంబర్లు, ఒక మంగలి చేరారు. ఆట వాళ్ళ దేశానిది కాదు, టీవీలో చూసి నేర్చుకున్నారు. ఒక్కో జట్టులో పదమూడు మంది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తాలి. అవతలివాళ్ళు పట్టుకుని పడేస్తే లేచి మళ్ళీ ఆడాలి. అలా ఆరోసారి పడితే బంతి వాళ్ళకిచ్చేయాలి. ఆడినందుకు ఎవరికీ ఏమీ రాదు, దెబ్బలు మాత్రం సొంతం.

ఊళ్ళో ఉన్న గ్రౌండ్లన్నీ పాత ఆటల కింద ఎప్పుడో నమోదైపోయాయి. అందుకని డార్లీన్ "మాకొక గ్రౌండు ఇప్పించగలరు" అని అర్జీ పెట్టుకుంది. ఆ అర్జీ ఎవరికి చెందుతుందో అక్కడ ఎవరికీ తెలియలేదు. ఒక ఆఫీసు నుంచి మరో ఆఫీసుకు తిరిగి తిరిగి చివరికి మన జిల్లా విద్యాశాఖకు చేరింది. మన దగ్గర కాగితాన్ని తిరస్కరించాలంటే కారణం రాయాలి. కిందికి పంపడానికి ఏ కారణమూ అక్కర్లేదు. జిల్లా వాళ్ళు "అవసరమైన చర్య నిమిత్తం పంపడమైనది" అని మండలానికి, మండలం వాళ్ళు అదే మాట రాసి హెడ్మాస్టరుకు, ఆయన డ్రిల్లు మాస్టారుకు పంపారు. డ్రిల్లు మాస్టారు కింద గ్రౌండు తప్ప ఎవరూ లేరు. ఆయన కాగితాన్ని వాలీబాల్ స్తంభానికి అంటించి ఇంటికి వెళ్ళిపోయారు. ఆ శనివారం గ్రౌండు అవసరమైన చర్య తీసుకుంది.

మొదటి మూడేళ్ళు మ్యూల్స్ ఒక్క మ్యాచీ గెలవలేదు. నాలుగో ఏడు కోటమ్మ గెలిపించింది. గ్రౌండు మీద మిరపకాయలు ఆరబోసుకునే కోటమ్మ, ఆ శనివారం ఎత్తడం ఆలస్యమై, కాయలతో సహా వెళ్ళింది. అక్కడ అప్పుడు పొద్దున తొమ్మిది. ఆమె కాయల్ని గీత అవతలికి జరిపి కాపలా కూర్చుంది. కంపెనీ కార్మికుల జట్టు ఒకటి ఆడటానికి వచ్చి, ఘాటుకు అరగంట తుమ్మి, బంతి వదిలేసి వెళ్ళిపోయింది. లీగ్ నడిపే ఫెడరేషను విచారించి, మిరపకాయలను ఆ గ్రౌండు సహజ పరిస్థితిగా గుర్తించింది. అప్పట్నుంచి కోటమ్మ ప్రతి శనివారం వెళ్తోంది. రెండు దేశాల ఎండ తగిలి కాయలు సగం రోజుల్లో గలగలలాడుతున్నాయని ఆమె సంతోషం.

క్లబ్బు చరిత్రలో పదకొండో ఏడు దీనకుమారి డ్రిల్లు టీచరుగా ఈ స్కూలుకు వచ్చింది. ఆమె జిల్లా తరఫున కబడ్డీ ఆడిన మనిషి. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఇరవై రెండు మంది ఆడపిల్లలకు వరండాలో బెంచీలు జరిపి కబడ్డీ నేర్పుతోంది. గ్రౌండు మీద వాళ్ళు ఒక్కసారి కూడా ఆడలేదు. వారమంతా మిరపకాయలు. మిరప లేని నెలల్లో మగపిల్లల క్రికెట్టు, సభలు, పెళ్ళి పందిళ్ళు. ఆటల పీరియడు ఎలాగూ లెక్కల మాస్టారిది. వరండాలో పట్టు పట్టబోయి నాగలత అనే అమ్మాయి స్తంభానికి కొట్టుకుని ముందు పన్ను పోగొట్టుకుంది.

"సార్, ఒక్క పీరియడు గ్రౌండు ఇప్పించండి" అని దీనకుమారి హెడ్మాస్టరును అడిగింది.

"నాదేముందమ్మా? అది ఓడీల మీద తిరిగే గ్రౌండు. పైనించి కాగితం రానియ్యి" అన్నారు పానకాలరావు.

ఆ ఏప్రిల్లో ఫెడరేషను మ్యూల్స్ క్లబ్బుకు నోటీసు ఇచ్చింది. సీజను ఆఖరి మ్యాచిలో పదమూడు మంది ఆఖరి విజిల్ దాకా నిలబడకపోతే పేరు కొట్టేస్తామనీ, పదకొండేళ్ళ చరిత్ర జరగనట్టు పరిగణిస్తామనీ అందులో ఉంది. క్లబ్బులో పన్నెండు మందే మిగిలారు. కబురు కోటమ్మ తెచ్చింది.

"ఆ డార్లీనమ్మ ఒకటే ఏడుపు టీచరమ్మా. మనిషి తక్కువంట. నన్ను రమ్మంది. నా మోకాళ్ళకి ఆటేంది? నువ్వు పోరాదూ?"

శనివారం ఆరూ ఇరవై అయిదుకు దీనకుమారి చున్నీ నడుముకు బిగించి కోటమ్మ పక్కన నిలబడింది. అవతల దిగగానే డార్లీన్ ఆమెను కిందినుంచి పైదాకా చూసి, ఏం కావాలని అడిగింది. పదకొండేళ్ళ శనివారాల్లో అక్కడివాళ్ళకు మన మాట, మనవాళ్ళకు వాళ్ళ మాట అలవాటైపోయాయి.

"ఒక ఉత్తరం కావాలండి. వారానికొక గంట గ్రౌండు మా ఆడపిల్లలకు వదలమని."

"గ్రౌండు మీదేగా?"

"మాదేనండి. అందుకే మా మాట చెల్లడం లేదు."

డార్లీన్‌కు ఇది వెంటనే అర్థమైంది. ఆమె ఊళ్ళోనూ గ్రౌండ్లున్నాయి.

మ్యాచి మొదలయ్యాక దీనకుమారి ఒక పొరపాటు చేసింది. బంతి చేతికి రాగానే "కబడ్డీ కబడ్డీ" అంటూ అవతలివాళ్ళలోకి దూసుకెళ్ళి, ముగ్గుర్ని తాకి, ఊపిరి ఆపకుండా వెనక్కి పరుగెత్తుకొచ్చి చెయ్యెత్తింది. ఆమె అంత ధీమాగా చెయ్యెత్తడం చూసి ఆ ముగ్గురూ ఔటయ్యామనుకుని బయటికెళ్ళి కూర్చున్నారు. రిఫరీ నియమాల పుస్తకం తిరగేశాడు. కూర్చోకూడదని ఎక్కడా లేదు. వాళ్ళు లేచేలోగా మ్యూల్స్‌కు నాలుగు పాయింట్లు వచ్చాయి.

తర్వాత అవతలివాళ్ళు ముప్పై ఎనిమిది చేశారు. పెదవి పగిలినా, మోచెయ్యి గీరుకుపోయినా దీనకుమారి బయటికి పోలేదు. ఆఖరి నిమిషంలో బీరువాలాంటి మనిషి ఒకడు మీదికొస్తుంటే వాడి చీలమండ పట్టుకుని వదల్లేదు. ఆమెను పది గజాలు ఈడ్చుకెళ్ళాడు.

"వదలమాక టీచరమ్మా! గట్టిగా బట్టు!" కోటమ్మ గీత అవతల నుంచి చీపురు ఊపింది.

విజిల్ మోగింది. లెక్కపెడితే పదమూడు మందీ ఉన్నారు. ముప్పై ఎనిమిదికి నాలుగే చేసి ఓడిపోయిన మ్యూల్స్ ఒకళ్ళనొకళ్ళు ఎత్తుకుని గంతులేశారు. డార్లీన్ బస్సు బానెట్ మీద కాగితం పెట్టి అక్కడికక్కడే ఉత్తరం రాసింది.

ఉత్తరం రాజధానికి వచ్చింది. అమెరికా నుంచి వచ్చిన కాగితమని అందరూ సంతోషించారు. ఒక అధికారి నకలు తీసి అద్దంలో పెట్టించుకున్నారు. ప్రతి ఒక్కరూ "అవసరమైన చర్య నిమిత్తం" అని రాసి కిందికి పంపగా పది నెలలకు స్కూలుకు చేరింది. పానకాలరావు దాన్ని కళ్ళకద్దుకుని దీనకుమారి పేర రాశారు. "చూశావామ్మా, అడగాల్సినవాళ్ళు అడగాలి" అన్నారు.

ఆమె దాన్ని స్తంభానికి అంటించబోయింది. స్తంభానికి ఫ్లెక్సీ కట్టి ఉంది, గ్రౌండు కనిపించకుండా మిరపకాయలున్నాయి. అందుకని ఉత్తరం పిల్లల చేతికిచ్చింది. ఇరవై రెండు మందీ వరసగా సంతకాలు పెట్టారు. వాళ్ళ కింద ఇంకెవరూ లేరు. అవసరమైన చర్య వాళ్ళే తీసుకోవాల్సి వచ్చింది.

గ్రౌండు వారంలో ఒక్కసారే ఖాళీ అవుతుంది. మ్యాచి కోసం కాయలు పక్కకు జరిపినప్పుడు, అదీ అమెరికాలో. అందువల్ల ఇప్పుడు ప్రతి శనివారం పిల్లలు ఆరూ ఇరవై అయిదుకల్లా తాడు దాటి నిలబడతారు. తల్లులు పెరుగన్నం కట్టిస్తారు. హార్లన్‌ఫోర్డ్‌లో మ్యాచికి ముందు ఒక గంట కబడ్డీ ఆడుకుంటారు. మ్యూల్స్ ఆటగాళ్ళు గీత మీద కూర్చుని చప్పట్లు కొడతారు. రిజిస్టరులో గ్రౌండు కింద "బాలికలు, 22 – ఓడీ" అని కూడా ఉంటోంది.

మార్చిలో తనిఖీకి వచ్చిన అధికారి నాగలతను పిలిచి అడిగారు.

"మీ స్కూల్లో ఆడపిల్లలకు ఆటస్థలం ఉందామ్మా?"

"ఉందండి."

"ఎక్కడ?"

"ఇదేనండి" అని నాగలత మిరపకాయల వైపు చూపించింది. "అమెరికా వెళ్తే ఆడుకోవచ్చు."

అధికారి ఫారంలో "ఉంది" అన్నచోట టిక్కు పెట్టి, కాయలు తొక్కకుండా జాగ్రత్తగా నడుచుకుంటూ వెళ్ళి జీపెక్కారు.