భారీ సారూ, నిద్రపోని డ్రైవూ

సోమవారం ఉదయం నీటి సరఫరా శాఖ బ్రాంచి అధికారి గారు గడ్డం గీసుకుంటూ ఆ వారానికి ప్రణాళిక వేసుకున్నారు. పది గంటలకు ల్యాప్‌టాప్‌లో కొత్త డ్రైవ్ వేయించడం. పదకొండుకు ఊరంతటి పైపుల మ్యాపు తెరిచి చూసుకోవడం. శుక్రవారం తనిఖీకి వచ్చే డైరెక్టరు గారికి ఆ మ్యాపు చకచకా చూపించి, ఆవిడ వెంట తెచ్చే బదిలీ ఫైలు మీద సంతకం పెట్టించుకోవడం. ఆదివారానికి పెట్టే బేడా సర్దుకోవడం. ఇందులో కష్టమైనదేదీ ఆయనకు కనబడలేదు, గడ్డం తప్ప.

ఆ సంతకం కోసం ఆయన మూడేళ్లుగా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నారు. భార్య అదే శాఖలో, హెడ్డాఫీసులో సూపరింటెండెంటు. ఎనిమిదేళ్ల కూతురు ఆవిడ దగ్గరే. మొదట్లో ఆ పిల్ల ఫోను చేసినప్పుడల్లా "నాన్నా, ఎప్పుడొస్తావు?" అని అడిగేది. ఈమధ్య అడగడం మానేసింది. అడిగినప్పటికంటే ఇప్పుడే ఆయనకు ఎక్కువ బాధగా ఉంది.

ఆఫీసులో ఆయన్ను చాటుగా 'భారీ సారు' అనేవారు. మనిషి బక్కపలచన. పెద్దచోట వాడే వస్తువు చిన్నచోట ఇంకా బాగా పనిచేస్తుందన్న గట్టి నమ్మకం వల్ల వచ్చిన పేరది. తనొక్కడికే వండుకునే ఈయన హోటళ్లవాళ్లు వాడే మిక్సీ కొన్నారు. అందులో రెండు టమాటాలు వేస్తే అవి అడుగున ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. బట్టలారేసుకునే తాడు ఓడలను రేవులో కట్టేసే రకం. గొడుగు తెరిస్తే వీధిలో ఎదురొచ్చేవాళ్లు పక్కకు తప్పుకునేవారు.

అలాంటి మనిషి కంట ఆ డ్రైవ్ పడింది. బావమరిది ఓ డేటా సెంటర్లో ఇంజనీరు. వేలమంది ఫైళ్లను ఒకేచోట దాచి ఉంచే యంత్రాల హాలు అది. అందులో ఫైళ్లు నిలవచేసే ఎస్ఎస్‌డీ డ్రైవ్ ఒకటి నమూనాగా వస్తే అతను ఇంటికి తెచ్చి టేబుల్ మీద పడేశాడు. చూసిపోదామని ముందురోజు ఆదివారం వెళ్లిన బావగారు దాన్ని చేతిలోకి తీసుకున్నారు.

"పదేళ్లు ఆపకుండా వాడినా అరగదు బావా," అన్నాడు బావమరిది. "కానీ ల్యాప్‌టాప్‌కి పనికిరాదు. ఎందుకంటే..."

అరగదన్న మాట దగ్గరే బావగారు వినడం ఆపేశారు. కారణం పూర్తయ్యేసరికి డ్రైవ్ ఆయన జేబులో ఉంది.

సోమవారం పది గంటలకు రిపేరు మనిషి వచ్చి, ల్యాప్‌టాప్ బోర్లించి, మరలు విప్పి, కొత్త డ్రైవ్‌ను లోపల ఆనించి చూశాడు.

"సార్, ఇది మూడు సెంటీమీటర్లు పొడుగు."

"పొడుగైతే మంచిదే కదయ్యా."

"మంచిదే సార్. మూత పడదు."

"మూతతో మనకేం పని? ఫైళ్లు మూతలో ఉంటాయా?"

రిపేరు మనిషి మరలు జేబులో వేసుకున్నాడు. అడుగు మూత బీరువాలోకి వెళ్లింది. బయటికి పొడుచుకొచ్చిన డ్రైవ్ కొస బల్లకు తగలకుండా ల్యాప్‌టాప్‌ను రెండు చివర్లా శాఖా నిబంధనల సంపుటాల మీద నిలబెట్టారు. ఆ పుస్తకాలు ఆఫీసులో ఒక పనికి ఉపయోగపడటం అదే మొదటిసారి.

అంతవరకూ పదకొండు నిమిషాలు తీసుకునే మ్యాపు నాలుగు సెకన్లలో తెరుచుకుంది. భారీ సారు ఆనందం పట్టలేక హెడ్ క్లర్కమ్మను పిలిచారు. ముప్పయ్యేళ్ల సర్వీసులో పదిమంది అధికారులను చూసిన మనిషి ఆవిడ. దేనికీ తొందరపడి ఆశ్చర్యపోదు.

"చూశారా, ఎలా తెరుచుకుందో!"

"చూశాను సార్," అంటూ ఆవిడ వేలు ఆనించి చటుక్కున వెనక్కి తీసుకుంది. "కాలుతోంది కూడా."

ఇరవయ్యో నిమిషంలో తెర నల్లబడింది. మళ్లీ వేస్తే మళ్లీ ఇరవయ్యో నిమిషంలో నల్లబడింది.

"వేడెక్కి ఆగిపోతోంది సార్," అన్నాడు రిపేరు మనిషి. "డేటా సెంటర్లో పెద్ద పెద్ద ఫ్యాన్లు గాలి ఊదుతూనే ఉంటాయి. ఇది ఆ గాలికి అలవాటుపడ్డ సరుకు. మామూలు డ్రైవ్ అయితే పని లేనప్పుడు కాసేపు కునుకు తీస్తుంది. దీనికి నిద్రన్నదే లేదు. అందుకే వేడి, అందుకే బ్యాటరీ కూడా తాగేస్తోంది. పాతది మళ్లీ వేసేయమంటారా?"

"ఈ ఆఫీసులో నిద్రపోనిది ఒక్కటైనా ఉండనీవయ్యా," అన్నారు భారీ సారు.

పాతది వేయించకపోవడానికి ఆయనకు వేరే కారణం కూడా ఉంది. పోయిన నెల పక్క బ్రాంచిలో మ్యాపు తెరుచుకునేలోపు డైరెక్టరు గారు కాఫీ తాగి, కప్పు కింద పెట్టి, కారెక్కి వెళ్లిపోయారు. ఆ బ్రాంచి అధికారి బదిలీ ఫైలు కూడా అదే కార్లో వెళ్లిపోయింది.

చల్లదనం కావాలి కదా అని మంగళవారం ఏసీ పెంచారు. ఆఫీసు మొత్తానికి ఏసీ ఉన్నది అధికారి గదిలోనే. దాన్ని పదహారు మీద పెట్టి, రెండు టేబుల్ ఫ్యాన్లు తెప్పించి ల్యాప్‌టాప్ పొట్ట కిందికి తిప్పారు. యంత్రం నిమ్మళించింది. సారు వణకడం మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి ఉన్ని శాలువా కప్పుకుని, చెవులకు మఫ్లరు చుట్టుకుని సంతకాలు పెడుతున్నారు. మూత లేని పొట్టలోకి దుమ్ము పోతుందని హెడ్ క్లర్కమ్మ గుమ్మం మీద కాగితం అంటించింది: 'పాదరక్షలు బయట విడువవలెను. నెమ్మదిగా నడవవలెను.'

కుళాయిలో నీళ్లు రావడం లేదని చెప్పుకోవడానికి వచ్చినవాళ్లు ఆ కాగితం చదివి, చెప్పులు విడిచి, తలుపు సందులోంచి తొంగి చూశారు. శాలువా, మఫ్లరు, వణుకు కనబడ్డాయి. అయ్యో పాపం అనుకుని, తమ కుళాయి సంగతి ఎత్తకుండా "ఒంట్లో ఎలా ఉందండీ?" అని అడిగి వెళ్లిపోయారు. ఒకావిడ నాలుగు బత్తాయిలు కూడా ఇచ్చింది. సాయంత్రానికి వార్త హెడ్డాఫీసుకు పాకి, భార్య ఫోను చేసింది.

"ఏమండీ, చలిజ్వరమటగా! నాకు ఒక్క మాట చెప్పరా?"

"జ్వరం నాకు కాదే. ల్యాప్‌టాప్‌కి ఒళ్లు కాలుతోంది."

"దానికి ఒళ్లు కాలితే మీరు శాలువా కప్పుకోవడమేంటండీ?"

దీనికి సవ్యమైన సమాధానం ఉంది గానీ ఫోనులో చెబితే జ్వరం తలకెక్కిందనుకుంటుందని ఆయన చెప్పలేదు. శుక్రవారం దాటితే అంతా మంచే జరుగుతుందని మాత్రం అన్నారు. ఆవిడ మరింత కంగారుపడి ఫోను పెట్టేసింది.

బుధవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. అది రోజూ పోయేదే. కానీ రెండు గంటలు రావలసిన ల్యాప్‌టాప్ బ్యాటరీ పావుగంటకే చేతులెత్తేసింది. శుక్రవారం సరిగ్గా మ్యాపు తెరిచే వేళకు ఇలా జరిగితే? ఆ ఊహ రాగానే భారీ సారు కుర్చీలోంచి లేచారు. ఫిర్యాదుల విభాగంలో ఫోన్లకు, కంప్యూటర్లకు పెట్టిన నాలుగు పెద్ద బ్యాటరీలను మోయించి తన గదిలో పెట్టించారు. ఎటు చూసినా బ్యాటరీలు, వైర్లు, ఫ్యాన్లు. కాలు పెట్టే చోటు లేక సారు కుర్చీ వరండాలోకి వచ్చింది.

గురువారం హెడ్ క్లర్కమ్మ వారపు నివేదిక తెచ్చింది.

"సార్, ఈ వారం ఫిర్యాదులు సగానికి తగ్గాయి."

"నీళ్లు బాగా వస్తున్నాయా?"

"లేదు సార్. ఫోన్లు రావట్లేదు. కరెంటు పోగానే మూగబోతున్నాయి."

"నివేదికలో కారణం రాసే గడి ఉందా?"

"లేదు సార్."

"అయితే పంపేయండి."

ఇక మిగిలింది తలుపు. వచ్చేపోయేవాళ్లు తీస్తూ ఉంటే చల్లదనం నిలవడం లేదు. గేటు దగ్గరి కాపలా మనిషిని పిలిచి సారు గట్టిగా చెప్పారు: "రేపటిదాకా ఈ తలుపు తెరవడానికి వీల్లేదు. ఎవరొచ్చినా, ఏం చెప్పినా సరే!" చెప్పి, చేతులు కడుక్కుని, బత్తాయిలు లోపలే మరిచిపోయానని తిరిగొచ్చారు.

"ఎవర్నీ వెళ్లనివ్వొద్దన్నారు సార్," అన్నాడు కాపలా మనిషి.

"అన్నది నేనే కదయ్యా!"

"అవును సార్. ఎవరేం చెప్పినా వినొద్దని కూడా తమరే అన్నారు."

మూడేళ్లలో తన ఆజ్ఞను ఇంత శ్రద్ధగా పాటించినవాణ్ణి సారు చూడలేదు. బత్తాయిలు వదులుకుని వరండాలోకి వెళ్లి కూర్చున్నారు.

శుక్రవారం డైరెక్టరు గారు చెప్పిన వేళకంటే గంట ముందే దిగారు. వరుసగా విడిచిన చెప్పులు చూశారు. అటెన్షన్‌లో నిలబడ్డ కాపలా మనిషిని చూశారు. తలుపు తీయగానే ముఖాన కొట్టిన చలిగాలికి పమిట భుజాల చుట్టూ లాక్కున్నారు. వెనక సహాయకుడు ఫైళ్లు పట్టుకుని నిలబడ్డాడు. అన్నిటికంటే పైన బదిలీ ఫైలు కనబడేసరికి భారీ సారుకు ఆ చలిలోనూ చెమట పట్టింది.

"ఏమిటిది?" అన్నారు డైరెక్టరు గారు.

"ల్యాప్‌టాప్ మేడమ్."

"ల్యాప్‌టాప్‌కి ఇంత ఏర్పాటా?"

"లోపల ఉన్నది డేటా సెంటర్ డ్రైవ్ మేడమ్. దానికి ఇవన్నీ ఉండాలి," అంటూ ఆయన మీట నొక్కారు. నాలుగు సెకన్లలో ఊరంతటి పైపులూ తెర మీద పరుచుకున్నాయి. డైరెక్టరు గారి కనుబొమలు పైకి లేచాయి. సహాయకుడి చేతిలోంచి వారపు నివేదిక అందుకుని చూశారు.

"ఫిర్యాదులు సగానికి తగ్గాయే! ఇది పెట్టాకేనా?"

భారీ సారు హెడ్ క్లర్కమ్మ వైపు చూశారు.

"ఇది పెట్టాకే మేడమ్," అంది ఆవిడ. అందులో అక్షరం అబద్ధం లేదు.

"హెడ్డాఫీసులో డేటా సెంటర్ కోసం కమిటీ వేసి రెండేళ్లయింది. ఇంకా గోడలకు ఏ రంగు వేయాలన్న దగ్గరే ఉన్నారు. మీరు నాలుగు రోజుల్లో ఒక్కరే పెట్టేశారా?"

ఇది డేటా సెంటర్ కాదని, ఒక పొడుగు డ్రైవూ ఒక మొండి మనిషీ కలిసి చేసిన నిర్వాకమని చెప్పడానికి అదే సరైన సమయం. కానీ అప్పటికే బదిలీ ఫైలు తెరుచుకుంది, కలం మూత ఊడింది. ఇంకొక్క పొగడ్త పడితే సంతకం ఖాయమనిపించింది ఆయనకు.

"ఏదో, కొంచెం శ్రద్ధ పెట్టాను మేడమ్," అన్నారు.

డైరెక్టరు గారు కలం కాగితం మీదికి తెచ్చి ఆగారు. ఆలోచించారు. కలానికి మళ్లీ మూత పెట్టేశారు.

"ఇలాంటి మనిషిని ఇక్కణ్ణుంచి కదిలిస్తే ఇదంతా ఎవరు చూసుకుంటారు?"

భారీ సారు చేతులు జోడించారు.

"మేడమ్, ఇదంతా పొరపాటు!" అన్నారు. "ఈ డ్రైవ్ ల్యాప్‌టాప్‌కి పనికిరాదు. మా బావమరిది చెప్పినా వినలేదు. మూత పడదు. ఏసీ లేకపోతే ఇరవై నిమిషాలు నిలవదు. ఫిర్యాదులు తగ్గలేదు, ఫోన్లు మూగబోయాయి. నేనొట్టి మూర్ఖుణ్ణి మేడమ్, నన్ను ఎవరూ నమ్ముకోవద్దు!"

డైరెక్టరు గారు సహాయకుడి వైపు తిరిగారు.

"రాసుకోండి. చేసిన గొప్ప పనిని కూడా తనది కాదనే అధికారులు మన శాఖలో ఇంకా ఉన్నారు."

"నాకు ఇంటికెళ్లాలనుంది మేడమ్," అన్నారు భారీ సారు. ఇక్కడి మూడేళ్లలో ఆయన ఆఫీసులో పలికిన సూటి మాట అదొక్కటే. "మా పాపను చూడాలనుంది."

ఆవిడ ముఖం మెత్తబడింది. "మీ కష్టం నాకు తెలుసు. ఆలోచించి ఉత్తర్వులు పంపిస్తాను," అని చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయారు.

ఆ మాట పట్టుకుని ఆయన పది రోజులు గడిపారు. పెట్టె సర్ది గుమ్మం దగ్గర పెట్టుకున్నారు. హోటలు మిక్సీని హెడ్ క్లర్కమ్మకు ఇవ్వబోతే, తన వంటింట్లో పట్టదని ఆవిడ మర్యాదగా తప్పించుకుంది. పదకొండో రోజు కవరు వచ్చింది. పైన 'బదిలీ ఉత్తర్వు' అని అచ్చయి ఉంది. వేళ్లు తడబడుతుంటే చింపి చదివారు.

ప్రజాప్రయోజనం దృష్ట్యా సదరు ల్యాప్‌టాప్‌ను, దాని కింది రెండు సంపుటాలు, నాలుగు బ్యాటరీలతో సహా, హెడ్డాఫీసుకు బదిలీ చేయడమైనది. అది ఏడు రోజుల్లో కొత్త స్థానంలో చేరవలెను. బ్రాంచి అధికారి ఇక్కడనే కొనసాగుతూ, మిగతా పన్నెండు బ్రాంచీలకు ఇటువంటివే పన్నెండు తయారుచేయించవలెను.

ఆయన ఆ కాగితాన్ని మూడుసార్లు చదివారు. చదివిన ప్రతిసారీ ఏడుపొచ్చింది.

ఆ మరుసటి సోమవారం పది దాటాక హెడ్డాఫీసు నుంచి భార్య ఫోను చేసింది. పాప బడికి వెళ్లిందని చెప్పింది. తర్వాత, ఎలా చెప్పాలో తెలియనట్టు, నెమ్మదిగా అంది:

"ఏమండీ, మీ ల్యాప్‌టాప్ ఇందాకే డ్యూటీలో జాయిన్ అయింది."