వెనక సీటు లేని కారు

ముత్యాలగూడెం మాలీపటేలు, అనగా శిస్తు వసూలు చేసే పటేలు, బుచ్చయ్య గారు ఒక కారు కొన్నారనీ, అది ఎర్ర రంగుదనీ, దానికి పైకప్పు లేదనీ, అందులో ఇద్దరే పడతారనీ, ఆ ఇద్దరూ పక్కపక్కనే కూర్చోవాలనీ సకల జనులకు ఇందుమూలంగా తెలియజేయడమైనది. చివరి రెండు సంగతులూ కొనేటప్పుడు పటేలు గారి దృష్టికి రాలేదు.

ఇది 1964 నాటి మాట. పంచాయతీ ఎన్నికలు దగ్గర పడ్డాయి. పదకొండు మంది వార్డు మెంబర్లు చేతులెత్తి తమలో ఒకరిని సర్పంచిగా ఎన్నుకోవాలి. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి తనకు నడిచి వచ్చిన పటేలుగిరీ ఇంట్లో ఉండగా, ఎవరో చేతులెత్తితే వచ్చే పదవి మనకెందుకని బుచ్చయ్య గారు మొదట ఈసడించుకున్నారు. అయితే కలెక్టరు గారి సభలో సర్పంచులకు ముందు వరసలో కుర్చీలు వేస్తారనీ, పటేళ్లు వెనక నిలబడాలనీ తెలిసిన రోజు నుంచి ఆయనకు అన్నం సయించలేదు. ఒకటో వార్డు మెంబరుగిరీ పోటీ లేకుండానే వచ్చింది. సర్పంచిగిరీ కూడా రావాలి. రాకపోతే ఊళ్లో తలెత్తుకుని తిరగడం ఎలా?

మెంబర్లు తన వైపు చూడాలంటే చూడదగిన వస్తువు ఏదైనా తన దగ్గర ఉండాలని ఆయన ఆలోచించారు. అదే సమయానికి హైదరాబాదులో ఒక నవాబు గారి దేవిడీలో సామాను వేలం వేస్తున్నారని తెలిసింది. వెళ్లారు. కారు సగం తివాచీల కింద ఉంది. ముందు భాగం మాత్రమే కనిపిస్తోంది. అది ధగధగా మెరుస్తోంది. కారంటే ముందు డ్రైవరు, వెనక యజమాని. ఇందులో బుద్ధి ఉన్నవాడెవడైనా అనుమానించవలసింది ఏముంది? వేలం పాడారు, కొన్నారు, తివాచీలు తీయించారు. తరువాత వెనక తలుపు కోసం కారు చుట్టూ మూడుసార్లు తిరిగారు.

డ్రైవరుగా వెంట తీసుకుపోయిన ఐలేశం చేతులు కట్టుకుని విన్నవించాడు. ఐలేశం ఊళ్లో గొర్రెలు కాసే కురుమయ్య పెద్దకొడుకు. పదేళ్లు లారీ నడిపిన మనిషి.

"పటేలా, గీ బండికి ఎనక సీటు లేదు."

"సరింగ సూడు. యాడనో పెట్టే ఉంటరు," అన్నారు పటేలు గారు.

ఐలేశం వెనక మూత ఎత్తి చూశాడు. అందులో ఒక అదనపు చక్రం హాయిగా పడుకుని ఉంది. యజమాని కూర్చోవలసిన చోట చక్రాన్ని పెట్టిన ఇంగ్లీషు దొరల పరిపాలన ఎందుకు అంతరించిందో పటేలు గారికి అప్పుడు అర్థమైంది.

ఐలేశానికి మరో చిక్కు వచ్చింది. వాళ్ల తాత ముత్తాతలెవరూ పటేలు ముందర కూర్చున్న దాఖలా లేదు. పక్కన కూర్చోవడమన్నది మాటల్లో కూడా లేదు. "నీ పక్కకు నేనెట్ల కూసుంట పటేలా?" అని బేజారైపోయాడు. నిలబడి నడపమని పటేలు గారు ఉత్తర్వు చేశారు. ఐలేశం నిలబడితే చెయ్యి అందింది గాని కాలు అందలేదు. చివరికి, "కూసో. గని అటు మొకం పెట్టి కూసో," అని షరతు మీద అనుమతి దయచేశారు. అటు ముఖం పెట్టి నడిపినంత సేపు కారు కూడా అటే పోయింది. చౌటుప్పల్ చేరేలోపు రెండుసార్లు పొలంలో దిగడంతో ఆ షరతు కూడా రద్దయింది.

నార్కట్‌పల్లిలో చాయ కోసం ఆగారు. హోటలు మనిషి పరుగెత్తుకుంటూ వచ్చి, స్టీరింగు పట్టుకున్న ఐలేశానికి వంగి సలాము చేసి, "శక్కర జర ఎక్కువ ఎయ్యాల్నా సేటూ?" అని అడిగాడు. పటేలు గారి వైపు చూపించి, "మీ మున్షీకి గూడ ఒకటి ఇయ్యమంటరా?" అన్నాడు. ఐలేశం గబుక్కున బండి దిగి నిలబడ్డాడు. మున్షీ గారు చాయ తాగలేదు.

మరునాడు ఊళ్లో మరమ్మతులు మొదలయ్యాయి. డ్రైవరు పక్కన కూర్చోక తప్పనప్పుడు కనీసం పైన కూర్చోవచ్చు కదా. పటేలు గారు తన సీటు మీద మూడు పత్తి బొంతలు వేయించి, వాటి మీద పట్టు దిండు పెట్టించి ఎక్కారు. ఇప్పుడు ఐలేశం తల ఆయన మోకాలి దగ్గర ఉంది. ఏర్పాటు న్యాయంగా, కంటికి ఇంపుగా ఉంది. కాకపోతే ముందు అద్దం ఆయన బొడ్డు దాకా మాత్రమే వచ్చింది. బండి కదిలిన మరుక్షణం గాలి ఆయన రుమాలు ఎగరేసుకుపోయింది. ముప్పై గజాల నిడివి గల ఆ తలపాగా విప్పారి తుమ్మచెట్టుకు చుట్టుకుంది. దాన్ని విడిపించడానికి వాడకట్టు మొత్తం కదిలింది. అందరూ ఎంతో వినయంగా నవ్వు ఆపుకున్నారు.

బొంతలు తీసేసి, ఈసారి డ్రైవరు సీటునే కిందికి దించమని వడ్రంగి పర్వతాలుకు కబురు పంపారు. పర్వతాలు పనిమంతుడు. జానెడు దించమంటే జానెడున్నర దించాడు. ఇప్పుడు ఐలేశానికి బాట కనిపించదు, ఆకాశం కనిపిస్తుంది. కరెంటు తీగలను బట్టి బాట ఎటు పోతోందో అంచనా వేస్తూ నడపసాగాడు. తీగలు పొలానికి అడ్డంగా పోయిన చోట కారు కూడా అడ్డంగా పోయి, బక్కమ్మ గొర్రెల మంద నడుమ ఆగింది.

ఏ గొర్రెకూ దెబ్బ తగలలేదు. గొర్రెలకు కారు నచ్చింది. ఒక పొట్టేలు లోపలికి దూకి పటేలు గారి ఒళ్లో నిలబడింది. బక్కమ్మ ముసలిది. వంగిపోయిన నడుముతో ఊళ్లో అందరికన్నా పొట్టిది. ఆమె కర్ర ఆనించుకుని, చెయ్యి నొసట పెట్టుకుని కిందికి చూసింది.

"పటేలా, గంత కింద కూసున్నవేంది? కాళ్లు పట్టినయా?"

పటేలు గారు తలెత్తి చూడవలసి వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒకరి ముఖాన్ని కింది నుంచి చూడడం అదే మొదలు. అప్పటిదాకా అరుగు మీద కూర్చుని మనుషుల నడినెత్తులు మాత్రమే చూశారు. ఈ కారులో కూర్చుంటే ఎడ్లబండి వాడు, సైకిలు వాడు, నడిచే వాడు, చివరికి బక్కమ్మ కూడా తనకన్నా ఎత్తేనని ఆయనకు పొట్టేలు గడ్డం కిందుగా బోధపడింది.

ఐలేశం ఆ సాయంత్రమే తాళం చెవి అరుగు మీద పెట్టి దండం పెట్టాడు. "లారీల నా పక్కకు ఎవలు కూసున్నా నాకు ఫికర్ లేదు పటేలా. గీడ కూసుంటె మెడ పట్టేస్తున్నది," అని తిరిగి లారీ పనికి పోయాడు.

ఎన్నిక ఇంకా నెల ఉంది. కారు పందిట్లో ఉంది. పటేలు గారు మంచం మీద ఉన్నారు. అప్పుడు ఆయన భార్య ప్రమీలమ్మ నోరు విప్పింది.

"నువ్వే నేర్సుకో. నాకు కేతేపల్లిల మా అక్క కౌసల్యను సూసొచ్చే పనున్నది."

"నువ్వు యాడ కూసుంటవు?"

"ఉన్నదే రెండు జాగలాయె. ఎనక రావాల్నంటె నేను నడిసి రావాలె. నాలుగు మైళ్లు. ఆలోచన జేస్కో."

పెళ్లయిన నాటి నుంచి ఆమె ఆయన వెనక నాలుగడుగుల దూరంలో నడిచింది. ఇరవై రెండేళ్లు. ఆ దూరాన్ని ఆమె ఒక్కరోజు కూడా తగ్గించలేదు, ఆయన ఒక్కరోజు కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఆదర్శ దాంపత్యం. అటువంటిది ఇప్పుడు ఒక ఇంగ్లీషు కంపెనీ వాడు పొదుపు కోసం చేసిన ఏర్పాటు వల్ల సంప్రదాయానికి భంగం వాటిల్లింది. సీటు మళ్లీ పైకి ఎత్తించి, పది రోజులు బీడులో చక్కర్లు కొట్టి, పటేలు గారు బండి నేర్చారు. ప్రమీలమ్మ నారాయణపేట చీర కట్టుకుని పక్కన కూర్చుంది.

మొదటి మైలు పటేలు గారు బాట మీదే కళ్లు పెట్టి నడిపారు. రెండో మైలులో ఆమె మాట్లాడడం మొదలుపెట్టింది. రెండో వార్డు బావి నీళ్లు ఉప్పన. ఆ వార్డు మెంబరు ఎల్లేశం ఇంటి ముందర కల్వర్టు కూలి ఏడాది. కాన్పు కష్టమైతే దవాఖానకు పోవడానికి బండి లేదు. ఊరి సంగతులు ఇన్ని తన ఇంట్లోనే ఉన్నాయని పటేలు గారికి తెలియదు. వెనక నడిచే మనిషి మాట ముందు నడిచే మనిషికి వినపడదు మరి.

"నీకు ఒక్కడు గూడ చెయ్యెత్తడు," అన్నది ఆమె.

"ఎందుకెత్తరు?"

"నీ అరుగు కింద నిలబడి ఇన్నేండ్లల్ల ఎవడన్న నీకు నిజం జెప్పిండా?"

పటేలు గారు ఆలోచించారు. ఆలోచనలో బండి గుంతలో దిగి లేచింది. ప్రమీలమ్మ ఎగిరి పడి, కిలకిలా నవ్వింది. నవ్వితే ఎడమ చెంప మీద సొట్ట పడింది. ఆ సొట్ట ఇరవై రెండేళ్లుగా అక్కడే ఉన్నదట. పటేలు గారికి సిగ్గేసింది. సంతోషం కూడా వేసింది. రెండూ ఒక్కసారే కలగడం ఆయనకు కొత్త. కేతేపల్లి వచ్చినా ఆపకుండా మరో మూడు మైళ్లు ముందుకు పోనిచ్చి, తిరిగి వెనక్కి తెచ్చారు.

ఆ రోజు నుంచి ఇద్దరూ రోజూ తిరిగారు. కప్పు లేని బండి కాబట్టి ప్రమీలమ్మ ఎవరు కనపడితే వాళ్లను పలకరించింది. బండి ఆగిన చోటల్లా జనం చుట్టూ నిలబడి గోడు చెప్పుకున్నారు. పటేలు గారు స్టీరింగు వెనక కూర్చుని, మెడ వెనక్కి వంచి, ఒక్కొక్కరి ముఖమూ కింది నుంచి చూస్తూ విన్నారు. అంతకన్నా వేరే విధంగా చూడడానికి ఆ సీటులో వీలు లేదు.

ఐదో వార్డు మెంబరైన కురుమయ్య ఊరంతా చాటాడు. "పటేలు మారిండు. మనం మాట్లాడుతాంటె తల పైకెత్తి సూస్తుండు. గంత నిమ్మళం మనిషి మన తాలూకాల లేడు."

ఎన్నికలో ఎనిమిది చేతులు లేచాయి. బుచ్చయ్య గారు సర్పంచి అయ్యారు. కృతజ్ఞతా సభలో దండలు వేయించుకుని ఉపన్యసించారు: "మహాజనులారా! ప్రజలను తలెత్తి చూడడమన్నది మా వంశంలో పరంపరగా వస్తున్న సద్గుణం." మహాజనులు చప్పట్లు కొట్టారు. ప్రమీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కథ ఇక్కడ సుఖంగా ముగియవలసింది. కాని ప్రభుత్వం వారు కొత్త పంచాయతీకి రబ్బరు ముద్రతో పాటు ఒక టేకు బెంచీ మంజూరు చేశారు. పొడుగాటి బెంచీ. పదకొండు మందీ సరిగ్గా పడతారు. మొదటి సమావేశానికి సర్పంచి గారు ముందే వచ్చి, బెంచీ ఒక చివర కూర్చుని, పక్కన చేత్తో తట్టారు.

"రాండ్రి, కూసోండ్రి. పక్కపక్కకు కూసుంటె ఏం గాదు. నేను సూసిన. మాట మంచిగ ఇనపడ్తది."

ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. ఆ కారులో తనకు దొరికినది వీళ్లకూ దొరకాలని ఆయన కోరిక.

ఎవరూ కూర్చోలేదు. రెండో వార్డు మెంబరు ఎల్లేశానికి కురుమయ్య గొంగడి వాసన పడదట. గొంగడి సంగతి అలా ఉంచి, కూలిపనికి పోయే బిక్షమ్మ కూర్చునే బెంచీ మీద కురుమయ్య కూర్చుంటే మంద కాసే కులానికి మచ్చ వస్తుందట. సర్కారు ఉత్తర్వు ప్రకారం రిజర్వు సీటులో మెంబరైన బిక్షమ్మ వాకిట్లోనే నిలబడి, "నేను గీన్నే ఉంట. మీరు జల్ది తేల్సుకోండ్రి, అవుతల నాట్లున్నయి," అన్నది. సర్పంచి గారు లేచి వెళ్లి ఆమెను పిలుచుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టారు. తానూ కూర్చున్నారు. మిగిలిన తొమ్మిది మందీ బయటికి నడిచారు.

పటేలు తలెత్తి తమను చూసినంత కాలం వాళ్లకు అభ్యంతరం లేదు. తాము కూడా తమకన్నా కిందివాళ్లనెవరినో తలెత్తి చూడాలంటేనే చిక్కు వచ్చింది. అవిశ్వాస తీర్మానం చక్కటి భాషలో తయారైంది: "సభ్యుల మధ్య సహజంగా గల ఎత్తుపల్లాలను కాపాడడంలో సర్పంచి గారు పూర్తిగా విఫలులైనందున." తొమ్మిది చేతులు లేచాయి. లేచిన చేతులన్నీ చక్కగా ఒకే ఎత్తులో ఉన్నాయి.

ఎల్లేశం కొత్త సర్పంచి. పర్వతాలు రంపం తెచ్చి బెంచీని పదకొండు ముక్కలు చేశాడు. ఏ ముక్కకు ఎంత ఎత్తు కాళ్లు బిగించాలో నిర్ణయించడానికి ఒక ఉపసంఘం వేశారు. అది నిలబడే సమావేశమవుతోంది. బావి, కల్వర్టు, దవాఖాన బండి ఆ తరువాతి అంశాలు.

బుచ్చయ్య గారికి బాధ కలిగింది. కలెక్టరు గారి ముందు వరస కుర్చీ పోయింది. ఒక రోజంతా పందిట్లో కారులోనే కూర్చున్నారు. ప్రమీలమ్మ వచ్చి చూసి, "జరుగు, ఇయ్యాల నేను నడుపుత. ఇన్ని దినాలు పక్కకు కూసోని సూసి నేర్సుకున్న. నువ్వు పక్కకు కూసో," అన్నది. ఆయన జరిగారు. ఇద్దరూ నల్లగొండ వైపు పోతుంటే ఊరంతా ముక్కున వేలేసుకుని చూసింది.

ముత్యాలగూడెం వాళ్ల తెలివికి మీరు నవ్వుకుంటున్నారని తెలుసు. నవ్వండి, తప్పేం లేదు. కాకపోతే మీ ఇంట్లో అంట్లు తోమే మనిషి ఈ పూట చాయ ఎక్కడ కూర్చుని తాగిందో, ఏ గ్లాసులో తాగిందో లోపలికి వెళ్లి ఒకసారి చూసి వచ్చి, మిగతా నవ్వు అప్పుడు నవ్వండి.