తెల్లగడ్డం వాడి గోత్రం

ఆ శనివారం ఉదయం ముకీబి వేసుకున్న పథకంలో కంగారు పడవలసింది ఏమీ లేదు. చపాతీ ముక్కలు, ఉడికిన బీన్సు కలిపిన ప్లేటు ఒకటి లాగించడం, పది గంటలకు వీడియో హాలు తెరవడం, పదకొండుకల్లా తెల్లగడ్డం మాంత్రికుణ్ణి చంపించడం, ఆ తర్వాత ఇంటికి పోయి పడుకోవడం. కంపాలాలో మా కవాలా పేట మొత్తం ఆరేళ్లుగా ఎదురుచూస్తున్న చావు అది.

మా పేటలో పరాయి భాష సినిమా ఎవరూ ఊరికే చూడరు. తెరమీద బొమ్మ నడుస్తుంటే పక్కన ఒక మనిషి మైకు పట్టుకుని దాన్ని మా లుగాండాలో చెబుతూ పోవాలి. అతన్ని వీజే అంటాం. కంపాలాలో వీజేలకు కొదవ లేదు గానీ, వీడియో గేముకు కూడా కథ చెప్పే వీజే మా ముకీబి ఒక్కడే. ఈ మాట మేం ఛాతీ విరుచుకునే చెబుతాం.

ఆ గేము జపానుది. అందులో రాతంతా జపాను రాతే. ముకీబి చెప్పిన దాని ప్రకారం రాకుమారుడి పేరు కిగ్గుండు. రాజుగారి నగారా ఎత్తుకుపోయిన తెల్లగడ్డం మాంత్రికుణ్ణి వెతుక్కుంటూ బయలుదేరాడు. ప్రతి శనివారం బెంచీలు నిండిపోయేవి గానీ, ఆడేవాళ్లే నిలిచేవాళ్లు కాదు. మొదట ఆడిన మోటారు సైకిలు టాక్సీ అతను మంచు కొండ దగ్గర చేతులెత్తేశాడు. తర్వాత వచ్చిన టైలరు నీళ్లలో మునిగిన కోటలో దారి తప్పి, విసిగిపోయి పెళ్లి చేసుకున్నాడు. రెండేళ్లుగా నలుబ్వామ ఆడుతోంది. ఆమెకు జడలల్లే సెలూను ఉంది. పొద్దస్తమానం సన్నజడలు అల్లి అల్లి రాటుదేలిన బొటనవేళ్లు ఆమెవి. కిందటి వారం రాకుమారుణ్ణి మాంత్రికుడి తలుపు ముందు దాకా తెచ్చి నిలబెట్టింది. అంత దూరం అంతకుముందు ఎవరూ రాలేదు.

ఇక ముకీబి సంగతి. అతనికి జపాను భాష ఒక్క ముక్క రాదు. ఆరేళ్ల కిందట ఎవరో "నీకు ఈ భాష వచ్చా?" అని అడిగితే "ఏదో, నెట్టుకొస్తా" అన్నాడు. ఆ మాట అక్కడితో ఆగలేదు. జపాను నుంచి మా దేశానికి వచ్చే పాత కార్లు తాళం తిప్పగానే ఆడగొంతుతో ఏదో అంటాయి. పేట చైర్మన్ కవేసి గారు, కవల పిల్లల తండ్రి కనుక అందరూ గౌరవంగా సలోంగో అని పిలిచే పెద్దమనిషి, తన కారు ఏమంటోందో చెప్పమని ముకీబిని పట్టుకున్నారు. 'చైర్మన్ గారూ, మీ ప్రయాణం క్షేమంగా జరగాలి' అంటోందని చెప్పాడు ముకీబి. అప్పటినుంచి సలోంగో రోజూ కారుకు "సంతోషం తల్లీ" అని చెప్పి మరీ బండి తీస్తున్నారు.

తొమ్మిదిన్నరకు ముకీబి ఆఖరి చపాతీ ముక్క నోట్లో పెట్టుకుంటుండగా నలుబ్వామ వచ్చింది.

"అన్నా, సలోంగో కాలువ పనుల దగ్గరికి వెళ్లారంట."

"వెళ్లనీ. కాలువ చూసుకోవడం ఆయన పనేగా."

"కాలువ కోసం కాదు. అక్కడి జపాను ఇంజినీరు హిరానో గారిని మన ఆటకు ముఖ్య అతిథిగా తెస్తారంట. మనోడు వాళ్ల భాష ఎంత బాగా చెప్తాడో వాళ్ల మనిషే వచ్చి వినాలన్నారంట."

చపాతీ గొంతుకు అడ్డం పడింది. ముకీబి రెండు గ్లాసుల నీళ్లు తాగాడు.

"ఈ వారం వద్దులే నలుబ్వామా. నా గొంతు బాగాలేదు."

"ఈ పూట కోసం నాలుగు తలలు సగంలో వదిలేసి వచ్చాను. వాయిదా అన్నావంటే అయిదోది నీదే."

ముకీబికి ఒక్క ఆశ మిగిలింది. ఇంజినీరుకు లుగాండా రాకపోతే తాను ఏం చెప్పినా ఆయనకు ఒకటే. ఆ ధైర్యంతో హాలు తెరిచాడు.

పది దాటాక సలోంగో కారు వచ్చి ఆగింది. అందులోంచి దిగిన హిరానో గారు సన్నగా, పొడుగ్గా, మోకాళ్ల దాకా బురద బూట్లతో ఉన్నారు. ముకీబి దగ్గరికి వచ్చి, "రాత్రి సుఖంగా గడిచిందా అయ్యా? ఇంట్లో అందరూ కులాసానా?" అని మా తాతల్లా తీరిగ్గా, స్వచ్ఛమైన లుగాండాలో పలకరించారు. నాలుగేళ్లు పనివాళ్లతో కాలువలో నిలబడి నేర్చిన లుగాండా అది. ముకీబి తాను కులాసాగానే ఉన్నానని చెప్పాడు గానీ, మిగిలిన ఆ ఒక్క ఆశా పోయింది.

సలోంగో అతన్ని గోడ పక్కకు లాగారు.

"ఏమయ్యా, దారిలో నా కారు మాట్లాడింది. సంతోషం తల్లీ అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు. అదేదో టోలు గేటు కార్డు పెట్టలేదు, కార్డు పెట్టలేదు అంటోందంట. ఇన్నాళ్లూ అదే అంటోందంట."

"కారు పాతబడింది కదా సలోంగో. మాట మార్చి ఉంటుంది."

"సరే. ఆట అయ్యాక నీ కథ ఎంతవరకు నిజమో నలుగురి ముందూ ఆయన్నే అడుగుతాను. తేడా వచ్చిందా, ఈ హాల్లో ఇక నువ్వు మైకు ముట్టుకోవు."

మైకు లేని శనివారం ఎలా గడుస్తుందో ముకీబికి ఊహకు అందలేదు. అతనికి మరో విద్య రాదు. నిజంగా భయం వేసింది. భయపడినవాడు కాస్త తగ్గి మాట్లాడితే బాగుండేది. కానీ తగ్గడం మావాడికి చేతకాదు. తెర వెలగ్గానే గొంతు రెండింతలు పెంచాడు. హాలు బయట కట్టిన లౌడ్‌స్పీకరు పుణ్యమా అని పక్కనున్న సంత మొత్తానికి వినిపించింది.

నలుబ్వామ ఆడింది. ఎలా ఆడిందో చూసినవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ముప్పావుగంట సేపు ఆమె రెప్ప వేయలేదు. రాకుమారుడి ప్రాణం సన్నని ఎర్రగీతగా మిగిలినప్పుడు తెల్లగడ్డం కర్ర జారవిడిచి కూలబడ్డాడు. బెంచీల మీద జనం లేచి నిలబడ్డారు. అంతలో రాకుమారుడు కత్తి పక్కన పెట్టి, ఆ ముసలాడి ముందు మోకరిల్లాడు. తెర నిండా అక్షరాలు నిండాయి.

"ఇదేంటి, గెలిచినవాడు మోకరిల్లడమేంటి?" అన్నారు సలోంగో.

ముకీబి మైకు సర్దుకున్నాడు. అంతే. "గోత్రం అడిగాడు సలోంగో. కొట్టుకునే ముందు అడగాల్సింది, ఇప్పుడు అడిగాడు. ముసలాయన మాంబా చేప గోత్రం అన్నాడు. కిగ్గుండుదీ అదే. వరసకు తాతవుతాడు. తాత మీద కత్తి ఎత్తానే అని కుర్రాడు కుమిలిపోతున్నాడు."

హాల్లో ఆడవాళ్లు నాలుకలు కరుచుకున్నారు. ముందు బెంచీలో హిరానో గారి భుజాలు కదులుతున్నాయి. ఆయన నవ్వుతున్నారని ముకీబి అనుకున్నాడు.

అప్పుడు తెరమీద రెండు వరుసలు మిగిలాయి. పక్కన ఒక చిన్న బాణం గుర్తు పైకీ కిందికీ ఆడుతోంది.

"అన్నా, ఏది నొక్కమంటావు?" అంది నలుబ్వామ.

ఆరేళ్లలో కథతో పూడ్చలేని చోటు ఇదొక్కటే. హిరానో గారు సగం లేచి, ఏదో అనబోయి, మళ్లీ కూర్చున్నారు. అతిథిని అడిగితే పరువు పోతుంది. అడగకపోతే ఆట పోవచ్చు. ముకీబి పరువు వైపే మొగ్గాడు.

"పైది," అన్నాడు.

ఆమె నొక్కింది. తెర తెల్లబడింది. తర్వాత ఒక చిన్న ఇల్లు, అందులో ఒక మంచం కనిపించాయి; మంచం మీద కిగ్గుండు నిద్రపోతున్నాడు. ఆరేళ్ల కిందట మొదటి శనివారం చూసిన మంచమే అది. నలుబ్వామ గబగబా దాచుకున్న ఆట కోసం వెతికింది. అదీ లేదు. ఆట మళ్లీ మొదటికి వచ్చింది.

ముకీబి మైకు ఇంకా పెదాల దగ్గరే ఉంది.

"నాకు జపాను భాష రాదు," అన్నాడు. సంతంతా విన్నది. "ఒక్క అక్షరం రాదు. ఈ ఆరేళ్లూ నేను చెప్పిందంతా నా సొంతం. అయితే ఒకటి. ఈ ఆరేళ్లలో ఒక్క శనివారం కూడా మీలో ఎవరినీ కునుకు తియ్యనివ్వలేదు. అది మాత్రం కాదనకండి."

"నీకు రాదని మాకు తెలుసులే అన్నా," అంది నలుబ్వామ. "జపానోళ్లకు మాంబా గోత్రం ఎక్కడిది? రెండేళ్లుగా నేను ఆడుతోంది నువ్వు తర్వాత ఏం చెప్తావో అని. లేకపోతే నాకీ వేళ్ల నొప్పులెందుకు?"

"మరి ఎవరూ నాకు చెప్పలేదే," అన్నారు సలోంగో.

"మీరు కారుతో అంత ముచ్చటగా మాట్లాడుకుంటున్నారు. చెప్పబుద్ధి కాలేదు."

సలోంగో మొహం గంటు పెట్టుకున్నారు. "మాటంటే మాటే. హిరానో గారూ, చెప్పండి. మావాడు చెప్పిందాంట్లో తప్పెంత?"

హిరానో గారు లేచి టోపీ తీశారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆయన నవ్వలేదని అప్పుడు తెలిసింది.

"అంతా తప్పే," అన్నారు. "నగారా లేదు. ఆయన మాంత్రికుడూ కాదు, ఆ తలుపుకు కాపలావాడు. మళ్లీ మొదటినుంచి వస్తావా, లోపలికి వెళ్తావా అని అడిగాడు. పైది మొదటినుంచి."

ముకీబి మైకు తీసి బల్ల మీద పెట్టాడు.

"నాకు పదమూడేళ్లప్పుడు నేనూ ఆ తలుపు దాకా వచ్చాను," అన్నారు హిరానో గారు. "అమ్మ అన్నానికి పిలిచింది. తొందరలో నేనూ పైదే నొక్కాను. మళ్లీ అంత దూరం వెళ్లలేకపోయాను. మా తమ్ముడూ వెళ్లలేదు. మా క్లాసులో ఒక్కడూ వెళ్లలేదు. గెలిచినవాడు ఎందుకు మోకరిల్లాడో ముప్పై ఏళ్లుగా నాకు అంతు చిక్కలేదు. ఇవాళ చిక్కింది." చొక్కా జేబులోంచి నోటుబుక్కు, పెన్ను తీశారు. "ముకీబి గారూ, ఆ తలుపు లోపల ఏముంది?"

జనమంతా సలోంగో వైపు చూశారు. ఆయనే వెళ్లి బల్ల మీది మైకు తీసి ముకీబి చేతిలో పెట్టారు. "చెప్పవయ్యా. ఆయన అడుగుతున్నారు కదా," అన్నారు.

ముకీబి గంటన్నర చెప్పాడు. తాత నగారా దొంగిలించలేదు. తోలు చిరిగితే కొత్త తోలు వేయించడానికి పట్టుకెళ్లి, ఇంట్లో చెప్పడం మరిచిపోయాడు. బయట సంతలో బేరాలు ఆగిపోయాయి. అంత బాగా అతను ఎన్నడూ చెప్పలేదని, ఇంకెవరూ చెప్పలేరని మేం ఎక్కడైనా అంటాం. హిరానో గారు పొల్లుపోకుండా అంతా రాసుకుని, ఆ రాత్రే తమ్ముడికి పంపారు.

ఆ జపాను గేము కథకు ఇప్పుడు జపాను భాషలో అనువాదం ఉంది.