టిమోతి గారికి అడ్డొచ్చిన రైలు

దర్శకుడి జేబులో డబ్బు లేకపోవడం కంటే కళకు పెద్ద కీడు ఇంకోటి లేదు!

నవ్వకండి. ఈ వ్యాసకర్త తమాషాకి అనడం లేదు. డబ్బు లేని దర్శకుడు ఏం చేస్తాడో ఎప్పుడైనా ఆలోచించారా? సెట్టు వేయలేడు కాబట్టి నిజమైన వీధిలోకి వెళ్తాడు. నటుల్ని పెట్టుకోలేడు కాబట్టి నిజమైన మనుషుల్ని బతిమాలుకుంటాడు. వాన కొనలేడు కాబట్టి వాన పడేదాకా ఎవరింటి అరుగు మీదో కూర్చుంటాడు. ఇది చూసి మన విమర్శకులు శైలి, శైలి అని ఊగిపోతారు. శైలి కాదండీ బాబూ, అవస్థ! అసలైన శైలి బడ్జెట్టుతో పాటు పెరుగుతుంది, మనిషికి పొట్ట పెరిగినట్టు.

రుజువు కావాలా? మన విశాఖపట్నంలోనే టిమోతి గారున్నారు. ఇప్పుడు "గారు". మూడు సినిమాల కిందట ఉత్త టిమోతి.

టిమోతిది జ్ఞానాపురం వైపు, పోర్టుకి ఖనిజం మోసుకెళ్లే గూడ్సు లైను పక్క వీధి. చిన్నప్పుడే తల్లి పోతే పిన్ని దీవెనమ్మ పెంచింది. ఆవిడకి వీధి మొదట్లో ఇడ్లీ బండి. ఆ ఇడ్లీల మీదే టిమోతి ఇంత మనిషయ్యాడు.

ఆ వీధికి ఒక అలవాటుంది. గూడ్సు వచ్చిందంటే గోడలు అదురుతాయి, పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. అందుకని రైలు రాగానే ఎవరి మాట వాళ్లు ఎక్కడికక్కడ ఆపేస్తారు. ఆఖరి పెట్టె దాటగానే సరిగ్గా ఆ తరవాతి మాట నుంచి అందుకుంటారు. "ఎక్కడున్నాం?" అని అడగడాలు లేవు, మళ్లీ మొదటికి రావడాలు లేవు. కుళాయి దగ్గర పోట్లాటలో సగం తిట్టు రైలుకి ముందు, మిగతా సగం రైలుకి తరవాత. పాస్టరు గారి ప్రార్థన రైలుకి ఇవతల, జనం ఆమెన్ రైలుకి అవతల. ఒకసారి ఎవరింట్లోనో పెళ్లిచూపుల్లో "అబ్బాయి మాకు" అన్నాక యాభై ఎనిమిది పెట్టెలు వెళ్లాయట! పెళ్లికొడుకు చెమటతో తడిసి ముద్దయ్యాక "నచ్చాడు" అని వినపడింది.

ఇలాంటి వెనకబడిన వీధిలో టిమోతి తన మొదటి సినిమా "గేటు పడింది" తీశాడు. పాపం, గతిలేక.

కెమెరా పెళ్లిళ్ల వీడియోలు తీసే గుణశేఖర్‌ది. ముహూర్తాలున్న రోజుల్లో గుణశేఖర్ దొరకడు కాబట్టి షూటింగంతా మూఢంలో జరిగింది. కెమెరా స్టాండు ఎవరో పెళ్లివారింట్లో పోయింది. నీళ్ల డ్రమ్ము బోర్లించి దాని మీద కెమెరా పెట్టారు. దాంతో సినిమా మొత్తం మనిషి నడుము ఎత్తులోంచే కనిపించింది. ఒక విమర్శకుడు ఏం రాశాడో తెలుసా? "కుర్చీలో కూర్చున్న ముసలి కంటితో లోకాన్ని చూపించాడు" అని! డ్రమ్ముకి దక్కిన గౌరవం అది.

అందులో ఇడ్లీ బండి పిన్నిగా దీవెనమ్మే వేసింది. వేయడమేముంది, రోజూలాగే బండి దగ్గర నిలబడింది. ఆ కథలో తల్లి పోయిన పిల్లాడు బండి దగ్గరికొస్తాడు. పిన్ని వాడితో ఒక మాట చెప్పాలి. నిజానికి అది టిమోతితో దీవెనమ్మ ఒకప్పుడు చెప్పిన మాటే.

"మీయమ్మ పోయేముందు నీకొకటి సెప్పమన్నాది" అంది దీవెనమ్మ. అంతే, గూడ్సు వచ్చింది.

ఆవిడ అలవాటు ప్రకారం ఆగింది. చేతిలో గరిటె చేతిలోనే ఉంది. పెట్టెలు ఒకటొకటే పోతున్నాయి. కెమెరా ఆపాల్సిన గుణశేఖర్ టీకి వెళ్లాడు. నల్లటి ధూళి ఆవిడ మొహం మీద పడుతోంది, రైలు గాలికి జుట్టు ఎగురుతోంది. చెప్పబోయే మాట గొంతులో పెట్టుకుని ఆవిడ ఆ పిల్లాడి వైపే చూస్తోంది. ఆఖరి పెట్టె పోయింది.

"కడుపునిండా తినమన్నాది" అంది.

హాల్లో ఏడవనివాడు లేడు! డబ్బింగు చెప్పించే స్తోమత లేక టిమోతి ఆ రైలుని అలాగే ఉంచేశాడు. విమర్శకులు ఆ మౌనం మీద పేజీలకు పేజీలు రాశారు. బహుమతులొచ్చాయి. టిమోతి ఇంటర్వ్యూల్లో "అది నా శైలి" అనడం నేర్చుకున్నాడు. గుణశేఖర్ టీ సంగతి ఎక్కడా చెప్పలేదు.

ఈ వ్యాసకర్త అడిగేది ఒకటే. రైలు చేసిన పనికి దర్శకుడు దండ వేయించుకోవచ్చా? ఇది న్యాయమా? ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికే దేవుడు నిర్మాతల్ని పుట్టించాడు.

నిర్మాత జగ్గారావుకి భీమునిపట్నం రోడ్డులో స్థలాల వ్యాపారం. "గేటు పడింది" చూసి ఆయన కూడా కన్నీళ్లు పెట్టుకున్నాడు. తుడుచుకున్నాక, "బావా, ఈసారి డబ్బు నాను పెడతాను. పెట్టిన డబ్బు తెరమీద అవుపడాల" అన్నాడు.

ఆ విధంగా "రెండో గేటు"లోకి క్రేను వచ్చింది. రోజంతటికీ అద్దెకు తెచ్చిన క్రేనుని ఊరికే కూర్చోబెడతారా? అందుకని ప్రతి సీనులోనూ కెమెరా పైకి లేచింది. హీరో టీ తాగితే లేచింది, చెప్పు తెగితే లేచింది. డ్రోన్ కూడా వచ్చింది. డాల్ఫిన్స్ నోస్ కొండ, పోర్టులో ఓడలు, స్టీల్ ప్లాంటు పొగగొట్టాలు, ఆ ఊపులో భీమునిపట్నం రోడ్డు వెంబడి జగ్గారావు గారి స్థలాలు కూడా కనిపించాయి. కథతో వాటికి ఏం సంబంధమని మాత్రం అడగకండి. మొదటి సినిమాలో కెమెరాకి డ్రమ్ము ఎత్తే గతి. ఇప్పుడు పక్షి ఎత్తు! ఇది ఎదుగుదల కాక మరేమిటి?

దీవెనమ్మ ఇందులోనూ ఉంది. పైనుంచి కనిపించింది. సినిమా చూసి బయటికొచ్చాక టిమోతిని పక్కకి పిలిచింది.

"ఒరే, నా పాపిడి అంత వంకరగా ఉంటాదేటి? సెప్పుంటే ఆ పొద్దు సరిగ్గా దువ్వుకుందును కదరా!"

టిమోతి సిగ్గుపడిపోయాడు. ఆవిడ చేయి పట్టుకుని, "పిన్నీ, వచ్చే సినిమాలో తెరంతా నీ మొహమే ఉంటాది. బండి పిన్ని నువ్వే. ప్రమాణం" అన్నాడు.

"ప్రమాణాలెందుకురా. పిలిస్తే వత్తాను."

అలా అందే గానీ, ఆ వారమే ఆకుపచ్చ జాకెట్టు కుట్టించుకుంది. ఇడ్లీకి వచ్చినవాళ్లందరికీ చెప్పింది. పెంచిన పిల్లాడు మాటిచ్చాడంటే ఏ తల్లికి మాత్రం సంబరంగా ఉండదు?

ఇక మూడోది. "గేట్‌మ్యాన్: ఆరంభం." అయిదు భాషల్లో! ఈసారి జగ్గారావు పక్కన ఇంకా పెద్దవాళ్లు చేరారు. బడ్జెట్టు ఎంతో ఈ వ్యాసకర్త రాయడు, చదివి మీకు కళ్లు తిరిగితే పూచీ ఎవరిది? మొట్టమొదటి నిర్ణయమే మహత్తరం. జ్ఞానాపురం వీధిలో షూటింగ్ కుదరదు, ఎందుకంటే మధ్యలో రైళ్లొచ్చి ఇబ్బంది పెడుతున్నాయి!

కాబట్టి హైదరాబాదులో ఆ వీధినే కట్టారు. కుళాయి కట్టారు, గేటు కట్టారు, దీవెనమ్మ ఇంటి గోడ మీది పగులుని ఫొటో తీసి అచ్చు అలాంటి పగులే పెట్టారు. గాలికి ఊరికే వచ్చే నల్లధూళిని డబ్బాల్లో తెప్పించి, చర్మానికి హాని లేదని పరీక్ష చేయించి మరీ చల్లారు. ఒక్క రైలు మాత్రం కట్టలేదు. అది తరవాత కంప్యూటర్‌లో చేస్తారట.

బండి పిన్ని పాత్రకి ముంబై నుంచి యశస్విని అనే తార వచ్చింది. పిన్ని వయసు కూడా కథా సౌకర్యం కోసం పాతికేళ్లకి దించారు.

టిమోతి ఒప్పుకున్నాడా అంటారా? రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు తిన్నాడు. ఆ తరవాత పిన్నికి ఫోన్ చేసి, "నువ్వు హైదరాబాదు రావాలి పిన్నీ. ఆ అమ్మాయికి మన యాస, ఆ ఆగడం నేర్పాలి. నువ్వు లేకపోతే సినిమాయే లేదు" అన్నాడు. ఆవిడ ఒక్క క్షణం మాట్లాడలేదు. రైలేమో అనుకున్నాడు టిమోతి. కాదు.

దీవెనమ్మ వెళ్లింది. ఆకుపచ్చ జాకెట్టే వేసుకుని వెళ్లింది. యశస్విని మంచి పిల్ల, పాపం, కాళ్ల దగ్గర కూర్చుని తనకొచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లో అడిగింది.

"అమ్మా, ఆ పాజ్ ఎలా ఇస్తారు?"

"నానేటీ ఇవ్వనమ్మా. రైలొత్తాది, ఆగుతాను. ఎల్లిపోద్ది, సెప్తాను."

"లోపల ఏం అనుకుంటారు?"

"ఏటనుకుంటాను? ఇడ్లీ మాడిపోద్దని అనుకుంటాను."

ఇంత తెలివితక్కువ నటనతో మొదటి సినిమా ఎలా నెగ్గిందో అక్కడున్న నిపుణులకి అర్థం కాలేదు. చివరికి రైలుకి బదులు ఒక మనిషి ఈల వేస్తే ఆగాలి, రెండో ఈలకి మాట్లాడాలి అని తేల్చారు. యశస్విని ఈలకి చక్కగా ఆగింది. కానీ ఎడిటింగ్‌లో జగ్గారావు గుండె పట్టుకున్నాడు.

"ఇంత డబ్బెట్టి తెచ్చిన హీరోయిన్ని నిమిషం సేపు నోరు మూయించి కూకోబెడతావేటి బావా? మాటాడించు!"

నిజమే కదా! మౌనం పేదవాళ్ల సరుకు. ఆ నిమిషంలోకి ఒక పేజీ డైలాగు, అరవై వయొలిన్లు వచ్చి చేరాయి. కంప్యూటర్ రైలు మహా వేగంగా వచ్చింది, నిప్పులు కక్కింది. దాని మీదుగా యశస్విని గొంతు ఖంగుమని మోగింది. ఇంతటి మార్పు టిమోతి గారు గతిలేని రోజుల్లో చేయగలిగేవారా? గుండె మీద చేయి వేసుకుని చెప్పండి!

విడుదల రోజు మార్నింగ్ షోకి టిమోతి గారు వీధి వీధినంతా నగరంలోని మంచి హాలుకి తీసుకెళ్లారు. ఏడు వరుసలు వాళ్లే. సినిమా నడుస్తుంటే వీళ్లూ మాట్లాడుకుంటూనే ఉన్నారు, మనవాళ్ల సంగతి తెలిసిందేగా. "ఇది మన కుళాయే", "ఆ పగులు సూడే, అచ్చంగా" అని. గుణశేఖర్ కూడా వచ్చాడు, తెర మీద డ్రమ్ము ఎత్తు షాటు కోసం వెతుక్కుంటున్నాడు.

అప్పుడు తెర మీద రైలు వచ్చింది.

ఏడు వరుసలూ ఠక్కున ఆగిపోయాయి. సగం మాట దగ్గర, నోట్లో సగం పాప్‌కార్న్‌తో, నూటముప్పై మంది అలవాటు కొద్దీ కదలకుండా రైలు పోయేదాకా ఆగారు. తెర మీద హీరోయిన్ మాట్లాడుతూనే ఉంది. ఈ ఏడు వరుసల్లో ఒక్కరి చెవికీ ఆ డైలాగు ఎక్కలేదు, రైలొచ్చినప్పుడు వినడం వాళ్లెరగరు మరి. రైలు పోయాక "ఉంది కదే" అని ఎవరిదో మిగిలిన మాట పూర్తయింది. గోడ పక్కన నిలబడ్డ టిమోతి గారు తెర వదిలేసి వాళ్లనే చూశారు. తాను మూడేళ్లు కష్టపడి తీయలేకపోయిన సీను సీట్లలో నడిచిపోయింది.

సినిమా బాగా ఆడుతోంది. అందులో అబద్ధం లేదు.

మర్నాడు పొద్దున్న టిమోతి గారి కారు ఇడ్లీ బండి ముందు ఆగింది. దీవెనమ్మ ఏం అడుగుతుందో ఆయనకి తెలుసు. నా మొహమేదిరా అంటుంది. దానికి జవాబు దారిపొడవునా తయారుచేసుకుని వచ్చారు.

ఆవిడ ఏమీ అడగలేదు. నాలుగు ఇడ్లీలు పెట్టి, శనగచట్నీ పోసింది. ఉండబట్టలేక ఆయనే అడిగారు.

"సినిమా ఎలాగుంది పిన్నీ?"

"బాగుందిరా. మా బాగుంది. గానీ నాయనా, నువ్వు" అంది దీవెనమ్మ.

గూడ్సు వచ్చింది.

ఆవిడ ఆగింది. కుళాయి దగ్గర బిందెలు ఆగాయి. పక్కన ఇడ్లీ తింటున్న ఇద్దరూ ఆగారు. ఆ వీధిలో పుట్టినవాళ్లలో ఆగనిది టిమోతి గారొక్కరే. రైలు మీదుగా ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. మార్కెట్టు గురించి, అయిదు భాషల గురించి, జగ్గారావు గురించి, ఆవిడ పాత్ర తీసేయడం తన చేతిలో లేదని, వచ్చే సినిమాలో తప్పకుండా ఆవిడ మొహమే ఉంటుందని. పెదాలు ఆడుతున్నాయి. దీవెనమ్మ గరిటె పట్టుకుని, చెప్పబోయే మాట గొంతులో పెట్టుకుని ఆయన వైపే చూస్తోంది. ధూళి పడుతోంది. తీయడానికి కెమెరా లేదు.

ఆఖరి పెట్టె పోయింది.

"ఎక్కడా అవుపడనేదేటిరా?" అంది.

ఆయన తెచ్చుకున్న జవాబులన్నీ ఆవిడ మొహం గురించినవి. ఇది ఆయన మొహం గురించిన ప్రశ్న.

అందుకే, నిర్మాత మహాశయులారా, ఈ వ్యాసకర్త చేతులు జోడించి వేడుకునేది ఒక్కటే. టిమోతి గారి తరవాతి సినిమాకి ఇంకా పెద్ద బడ్జెట్టు ఇవ్వండి. సెట్టు ఇంకా దూరంగా వేయించండి, ముంబైలోనో, దుబాయిలోనో. ఇక్కడ మాత్రం వద్దు. ఇక్కడ పిన్ని రెండు ఇడ్లీలు ఎక్కువే పెట్టి, జవాబు కోసం మొహంలోకి చూస్తూ నిలబడుతుంది. కాసేపు ఊరుకోవడానికి సాకుగా ఒక్క రైలైనా వస్తుందేమోనని టిమోతి గారు పట్టాల వైపు చాలాసేపు చూశారు. ఆ పొద్దు ఇంకో గూడ్సు రాలేదు.