రోములో పరుగు, మా ఊళ్ళో అర్జీ

ఒలింపిక్ ఫలితాలను పత్రికల్లో రోజూ అచ్చు వేయడం దండగ అని ఈమధ్య కొందరు పెద్దమనుషులు అంటున్నారు. ఎక్కడో రోము నగరంలో ఎవడో ఇనపగుండు విసిరితే మనకేమిటట! ఆ జాగాలో వేరుశనక్కాయల ధర వేస్తే నలుగురికీ పనికొస్తుందట!

ఈ మాట అన్నవాళ్ళెవరూ మా ఊరు చూసి ఉండరు. స్వాతంత్ర్యం వచ్చాక మా ఊరికి జరిగిన మహోపకారాలు రెండే అని నేను ఘంటాపథంగా చెబుతాను. ఒకటి, మూడేళ్ళ కిందట ఇంటింటా కొట్టిన దోమల మందు. రెండోది, ఈ ఏడు ఒలింపిక్ ఫలితాలు. మొదటిదానితో దోమలు నెల రోజులు పోయి మళ్ళీ వచ్చాయి. రెండోదానితో మా ఊరి తగాదాలు పదిహేడు రోజులపాటు పూర్తిగా పోయాయి. ఏది గొప్ప? మీరే చెప్పండి.

మాది కన్నడ రాజ్యంలో, బట్లహళ్ళి నుంచి ఏడు మైళ్ళు లోపలికి ఉన్న తెలుగు ఊరు. చింతామణి నుంచి బట్లహళ్ళి దాకా బస్సు ఉంది. అక్కణ్ణుంచి మా ఊరికి కాళ్ళు ఉన్నాయి. కరెంటు రాలేదు కనుక రేడియో బాధ లేదు. నేను బట్టల కొట్టు నడుపుకుంటూ ఊరి వాచనాలయానికి కార్యదర్శిగా సేవ చేస్తున్నాను. వాచనాలయం అంటే కంగారు పడకండి. నా కొట్టు పక్క గది, అందులో ఒక బల్ల, బల్లమీద బెంగుళూరు నుంచి టపాలో వచ్చే ఒక కన్నడ దినపత్రిక. నిన్నటి పేపరు మాకు ఇవాళ మధ్యాహ్నం అందుతుంది. ఒలింపిక్స్‌కు ముందు దాన్ని ఎల్లుండి చదివినా ఎవరికీ నష్టం ఉండేది కాదు.

ఒలింపిక్స్ మొదలయ్యాయి. మా ఊరి రూపే మారిపోయింది!

పటేలు వెంకటరాయప్పకూ, ఆయన పక్క పొలం ఆదినారాయణప్పకూ కాలువ నీళ్ళ దగ్గర గొడవ. పదకొండేళ్ళుగా మాటల్లేవు. అలాంటివాళ్ళు ఒకే బల్లమీద భుజం భుజం ఆనించుకుని కూర్చుని, మీటరు పెద్దదా గజం పెద్దదా అని కేకలు వేసుకున్నారు. అదీ తగాదానే కదా అంటారేమో. కాదండీ! ఇందులో ఎవరి గట్టూ తెగదు, ఎవరూ బాగేపల్లి వకీలు దగ్గరికి పరిగెత్తరు.

ఇక జ్ఞానం సంగతి. హంగేరి ఎక్కడుందో మా ఊళ్ళో ఇప్పుడు పశువులు కాసేవాళ్ళను అడిగినా చెబుతారు. ఎవడో గడకర్ర ఊతంతో పదిహేను అడుగులకు పైగా ఎగిరి దూకాడని చదివిన రోజు ఆదినారాయణప్ప ఇంటికి పోయి తన మిద్దె ఎత్తు కొలిపించాడు. పదకొండడుగులే తేలింది. యూరపులో దొంగలకు తలుపులతో పనిలేదని ఆయన నిర్ధారణకు వచ్చాడు. నడకకు కూడా పోటీ పెట్టి, గెలిచినవాడి మెడలో బంగారు పతకం వేస్తారని చదివినప్పుడు మాత్రం వెంకటరాయప్ప నమ్మలేదు. అది అచ్చుతప్పు అయి ఉంటుందన్నాడు.

నాలుగు వందల మీటర్ల పరుగులో మన దేశస్థుడు నాలుగో స్థానంలో వచ్చినప్పుడైతే మాకు అతను సొంత మనిషిలా తోచాడు. పెళ్ళి భోజనాల్లో నాలుగో బంతిలో కూర్చున్నవాడికి పాయసం దొరకదన్న బాధ మాకు తెలియనిదా?

ఇంత దేశసేవలో మునిగి ఉండగా మా ఇంటావిడ సులోచనమ్మ రెండుసార్లు కబురు పంపింది. పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచి, అంటే నాలుగోసారి పొర విడిచి, ఆకు కోసం తలలెత్తి చూస్తున్నాయట. నేను కదల్లేదు. పురుగు ఎండిపోతే పోయేది ఒక పంట. ఈతల పోటీ ఫలితం పోతే మళ్ళీ నాలుగేళ్ళు ఆగాలి కదా!

ఇంతటి మహోపకారాన్ని రోజూ మా ఊరికి మోసుకొచ్చే మనిషి ఆంజనప్ప. టపా మోయడం అతని పని. పొద్దున్నే మా ఊరి ఉత్తరాల సంచి భుజాన వేసుకుని బట్లహళ్ళి పోతాడు. పది గంటల బస్సులో వచ్చిన సంచి తీసుకుని మళ్ళీ మా ఊరికి వస్తాడు. దారిలో రెండు గుట్టలు, ఒక వంక. వెరసి రోజుకు పద్నాలుగు మైళ్ళు, పన్నెండేళ్ళ నుంచి. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. కాళ్ళకు చెప్పులు లేవు. వంకలో జారుతున్నాయని మొదట్లో వదిలేశాడట, ఆ తర్వాత వేసుకునే అలవాటే పోయింది. బట్లహళ్ళి నుంచి మా ఊరికి సర్కారు అతనికి ఇచ్చిన టైము రెండుగంటల పదిహేను నిమిషాలు. ఏనాడూ అది దాటలేదు.

మొదటి రోజు మేము ఆరుగురం వాచనాలయం అరుగుమీద నిలబడి అతని కోసం ఎదురు చూశాం. అంతమందిని ఒకచోట చూసి అతని మొహం మారిపోయింది. సంచి దించకుండానే, ఎవరు పోయినారప్పా అని అడిగాడు. చావు తంతి వచ్చిందని ముందే తెలిసిన ఇళ్ళముందు తప్ప, తన కోసం అలా కాచుకున్న జనాన్ని అతను చూసి ఎరగడు.

రెండో రోజు నుంచి వెంకటరాయప్ప తన జేబుగడియారం బల్లమీద పెట్టాడు. రెండుగంటల పది నిమిషాలు వస్తే చప్పట్లు కొట్టాం. రెండుగంటల ఐదు వస్తే ఈల వేశాం. వానకు గుట్ట దారి బురదై, రెండుగంటల పద్నాలుగు పట్టిన రోజున ఎవరం అతనితో మాట్లాడలేదు. ఆటగాడికి క్రమశిక్షణ నేర్పాలి కదా! హాకీలో మనవాళ్ళు ఓడిపోయిన వార్త ఉన్న పేపరును మాత్రం పాపం రెండు గంటల లోపే తెచ్చాడు. అది అతని రికార్డు. ఇట్లాంటి వార్తను ఇంత బిరీన తెచ్చేదేమి అని వెంకటరాయప్ప అతన్నే కసురుకున్నాడు.

ఆ హాకీకి కొన్నాళ్ళ ముందు, అయిదువేల మీటర్ల పరుగు ఫలితం వచ్చినప్పుడు, అసలు విషయం బయటపడింది. గెలిచినవాడు మూడు మైళ్ళ పైచిల్లర దూరాన్ని పద్నాలుగు నిమిషాల లోపల పరిగెత్తాడు. ఆదినారాయణప్ప బొగ్గు ముక్క తీసుకుని గోడమీద లెక్క వేశాడు. ఆ చొప్పున ఏడు మైళ్ళకు ముప్పై ఒక్క నిమిషం చాలు. మరి ఆంజనప్పకు రెండుగంటల పదిహేను నిమిషాలా?

వెంకటరాయప్ప గడియారం మూత మూసి ఒక్క మాట అడిగాడు.

“మిగిలిన గంటా ముక్కాలు ఈ మనిషి యాడ కూసుంటాండాడు?”

చూశారా, జ్ఞానం అంటే ఇదీ! పన్నెండేళ్ళుగా మాలో ఒక్కడికీ ఈ ప్రశ్న తోచలేదు. సంచి సంగతి గానీ, వంక సంగతి గానీ, గుట్టల సంగతి గానీ ఆ రోజు కూడా ఎవరికీ తోచలేదు. రోములో వంకలు లేవు కనుక అవి లెక్కలోకి రావు.

వెంటనే పై అధికారులకు కన్నడంలో అర్జీ తయారైంది. ఊళ్ళో అందరికంటే దస్తూరీ బాగున్న ఒకాయన రాశాడు. ఆయన వినయశీలి, పేరు చెప్పడానికి ఒప్పుకోడు. మా టపా మనిషి వేగం ప్రపంచ స్థాయిలో నాలుగో వంతుకు కూడా రాదని, దారిలో గంటా ముప్పావు ఏమవుతోందో దేవుడికే తెలియాలని, అంతర్జాతీయ వార్తలు మాకు చల్లారిపోయి అందుతున్నాయని, తగిన చర్య తీసుకోవాలని అందులో ఉంది. వాక్యాలు చాలా పదునుగా కుదిరాయని అందరూ మెచ్చుకుని సంతకాలు చేశారు. వెంకటరాయప్ప చింతామణి పోయినప్పుడు తన చేత్తో ఇచ్చి వచ్చాడు.

మన దేశంలో అర్జీలు కదలవని అనేవాళ్ళు ఇది వినండి. వారం తిరక్కముందే ఆంజనప్పను విచారణకు చింతామణి రమ్మన్నారు!

కాకపోతే ఆ రోజునే మారథాన్ ఫలితం రావాలి. ఒలింపిక్స్ మొత్తానికీ అది కిరీటం. ఇరవై ఆరు మైళ్ళ పరుగు! ఆంజనప్ప లేడు, పేపరు ఏడు మైళ్ళ అవతల పడి ఉంది. ముందురోజు వానకు వంక నిండుగా పారుతోంది, బండి దిగదు. ఎవరు పోవాలి? వెంకటరాయప్పకు మోకాళ్ళు. ఆదినారాయణప్ప పంచాంగం తీసి, ఆ దిక్కుకు ఆ రోజు వారశూల ఉందని చూపించాడు. మిగతావాళ్ళకు ఒక్కసారిగా పొలాల్లో పని గుర్తొచ్చింది. పదిహేను రోజులుగా లోకంలోని పరుగులన్నిటి గురించీ తీర్పులు చెప్పిన సంఘంలో ఏడు మైళ్ళు నడిచే మనిషి దొరకలేదు. కార్యదర్శిని కనుక నేనే బయల్దేరాను.

నాకు మూడుగంటల నలభై నిమిషాలు పట్టింది. మొదటి గుట్ట దగ్గరే దమ్ము అయిపోయింది. వంకలో ఒక చెప్పు కొట్టుకుపోతే, ఒంటి చెప్పు దేనికని రెండోది కూడా పారేశాను. తర్వాత మూడు మైళ్ళు ఎలా నడిచానో నా అరికాళ్ళకే తెలుసు. నా చేతిలో సంచి కూడా లేదు సుమండీ, ఒక గొడుగు మాత్రం ఉంది.

బట్లహళ్ళి టపా ఆఫీసులో మా పేపరు చేతికిచ్చారు. హోటలు మెట్టుమీద కూర్చుని చదివాను. మారథాన్ గెలిచింది ఇథియోపియా దేశస్థుడు. ఇరవై ఆరు మైళ్ళూ ఒట్టికాళ్ళతో పరిగెత్తాడట. ప్రపంచమంతా నోరు వెళ్ళబెట్టిందట. పట్టిన టైము రెండుగంటల పదిహేను నిమిషాలు.

నేను కాళ్ళు ముందుకు చాచుకుని ఆ వార్తను నాలుగుసార్లు చదువుకున్నాను.

సాయంత్రం బస్సులో ఆంజనప్ప దిగాడు. నన్ను చూసి ఆశ్చర్యపోయి, నా కాళ్ళు చూసి నొచ్చుకున్నాడు. హోటలువాణ్ణి అడిగి పసుపు తెచ్చి రాశాడు. ఆ తర్వాత జేబులోంచి ఒక కాగితం తీసి చదవమన్నాడు. అతనికి చదవడం రాదు. పనిలోంచి ఎందుకు తీసివేయకూడదో ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది. కిందనే, అర్జీలోని వాక్యాలను ఉన్నవి ఉన్నట్టుగా ఎత్తి రాశారు. గంటా ముప్పావు ఏమవుతోందో దేవుడికే తెలియాలి అన్న వాక్యాన్ని మాత్రం కొంచెం గబగబా చదివేశాను. అది చాలా పదునైన వాక్యం అని ముందే చెప్పాను కదా.

“ఎవురు రాసినారో గానీ బాగ చదువుకున్నోళ్ళంటప్పా, కచేరీలో గుమాస్తా చెప్పినాడు,” అన్నాడు ఆంజనప్ప. “దీనికి జవాబు మీరే రాయల్ల. మనూళ్ళో మీకన్నా బాగ రాసేటోళ్ళు యాడుండారు?”

రాస్తానన్నాను. ఇంకేమనను?

అతను ఆ రోజు టపా సంచి తీసుకుని భుజాన వేసుకున్నాక ఇద్దరం ఊరిదారి పట్టాం. నా కుంటి నడక కోసం అతను అడుగు తగ్గించుకుని నడిచాడు. వంక దగ్గర నా చెయ్యి పట్టుకుని దాటించాడు. ఏదో ఒకటి మాట్లాడాలని రోములో ఒట్టికాళ్ళతో గెలిచిన మనిషి సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

“ఎంత మూట మోసినాడు?”

“మూటేమీ లేదు ఆంజనప్పా. ఉత్త చేతులు.”

“మర్నాడు మళ్ళా పరిగెత్తల్లా?”

“అక్కర్లేదు. ఈ పందెం నాలుగేళ్ళకొకసారి.”

అతను సంచిని ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకున్నాడు.

“అట్లయితే చెప్పులు యాలప్పా,” అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. తర్వాత సిగ్గు వేసింది. ఊరు చేరేదాకా ఆ సిగ్గు పోలేదు.

జవాబు నాలుగు పేజీలు రాశాను. నా అర్జీలో ఒక్క వాక్యాన్ని కూడా నిలబడనివ్వలేదు. అర్జీ రాసినవాడు బట్లహళ్ళి దారి ఎన్నడూ తొక్కని మూర్ఖుడని నిరూపించాను. ఇంత సులువుగా నేనెవరినీ ఓడించలేదు. వెంకటరాయప్ప, ఆదినారాయణప్ప కూడా తలలు వంచుకుని సంతకాలు చేశారు.

పై అధికారులు ధర్మప్రభువులు. ఇరుపక్షాల న్యాయమూ చూశారు. ఆంజనప్ప ఉద్యోగం ఉంచారు. ప్రజలకు టపా త్వరగా అందాలన్న కోరిక కూడా సమంజసమేనని, ఇకమీదట బట్లహళ్ళి నుంచి మా ఊరికి గంటా ముప్పావులో చేరాలని ఉత్తర్వు వేశారు.

ఉద్యోగం నిలబెట్టినందుకు ఆంజనప్ప పెళ్ళాం కెంపమ్మ పెద్ద గుమ్మడికాయ తెచ్చి మా గడపలో పెట్టి, నాకు దండం పెట్టి పోయింది. సులోచనమ్మ దాన్ని కూర వండి నా ఒక్కడికే వడ్డించింది. నీకో అని అడిగితే, “మీ రాతకు వచ్చింది కదా, మీరే తినండి,” అంది.

ఇప్పుడు ఒలింపిక్స్ అయిపోయాయి. అరుగుమీద ఎవరూ నిలబడటం లేదు. కాలువ గొడవ మళ్ళీ మొదలైంది. పేపరు మునుపటికంటే అరగంట ముందే వస్తోంది, వచ్చి సాయంత్రం దాకా బల్లమీద ఊరికే పడి ఉంటోంది. ఆంజనప్ప మాత్రం రెండో గుట్ట దిగేటప్పుడు నిజంగానే పరిగెత్తుతున్నాడు. ఊరి చివర నుంచే ఎగశ్వాస వినిపిస్తుంది. కనుక ఒలింపిక్ ఫలితాలను రోజూ అచ్చు వేయడం మహోపకారం అని మళ్ళీ మనవి చేస్తున్నాను. లేకపోతే మా ఊళ్ళో ఇంత వేగం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆ అర్జీ ఎవరు రాశారో ఊళ్ళో అందరికీ తెలుసు, అతనికి తప్ప. ఎవరూ చెప్పరు, ఎందుకంటే అందరి సంతకాలూ అందులో ఉన్నాయి. నాకు చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను. ఇది అచ్చయిన పత్రికను కూడా మా ఊరికి ఆంజనప్పే మోసుకొస్తాడు. గంటా ముప్పావులో తెచ్చి, సంచి దించి, చెమట తుడుచుకుంటూ, ఈ పొద్దు ఏముండాదప్పా ఇందులో అని అడుగుతాడు.

ఏమీ లేదు ఆంజనప్పా, ఆటలన్నీ అయిపోయాయి కదా అంటాను.