పోలీసు పన

మా లిటిల్ పెడ్లో ఊరి పోలీసు జవాను బడ్ గారు, ఎండకూ వానకూ చలించకుండా విధినిర్వహణలో చూపిన దీక్షకు గాను సార్జెంటు హోదా పొంది పట్నానికి బదిలీ అయ్యారని తెలియజేయడానికి ఊరు గర్విస్తోంది. ఆ దీక్ష చూపింది నిజానికి ఒక గోధుమ పన, కోసి కట్టిన కట్ట. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. కొత్తగా వచ్చిన పాదిరి క్రేల్ గారికి ఒక్కరికే తెలియదు. అయితే మా ఊళ్ళో ఏ సంగతైనా పాదిరిగారికి తెలిసినప్పుడే నిజమవుతుంది. అంతవరకూ అది ఆడవాళ్ళ మాట.

కోత పూర్తయి పనలన్నీ బండికెక్కాక, కొయ్యకాళ్ళ మధ్య రాలిపోయిన వెన్నులు బీదవాళ్ళవి. విధవలం, పిల్లల తల్లులం వెళ్ళి పరిగె ఏరుకుంటాం. ఆ గింజలు మరలో ఆడిస్తే వచ్చే పిండే చలికాలమంతా మా రొట్టె. అయితే రైతు మనసు ఇంకా పూర్తిగా ఒప్పుకోనప్పుడు పొలం నడుమ ఒక్క పనను నిలబెట్టి పోతాడు. దాన్ని మేం పోలీసు అంటాం. పోలీసు నిలబడి ఉన్నంత వరకూ ఎవరూ కంచె దాటకూడదు. పోలీసు వెళ్ళిపోయాడని తెలిశాక చర్చి గుమాస్తా నోక్స్ గంట కొడతాడు. అప్పుడు లోపలికి వెళ్ళాలి. ఇది మా తాతల నాటి కట్టుబాటు. ఆ పనను ముట్టుకున్న మనిషికి ఆ ఊళ్ళో ఇక జన్మలో పరిగె లేదు.

ఒక గోధుమ కట్టకు ఇంతమంది ఆడవాళ్ళం భయపడ్డామా అని మీరు నవ్వవచ్చు. నవ్వండి. మీ ఊళ్ళో మీరు లేచి నిలబడి దండం పెట్టేవాటిలో ఎన్నింటికి లోపల గింజలున్నాయో కూడా ఓసారి చూసుకోండి.

ఆ ఏడు పెల్లింగ్ గారి పెద్ద పొలంలో కోత అయిపోయింది. పెల్లింగ్ గారు మా ఊరి మోతుబరి రైతు, చర్చి పెద్ద, దయగల మనిషి. ఆ దయ ఆ ఏడు ఆయన పెద్దబాతుల వైపు మళ్ళింది. సెయింట్ మైకేల్ పండుగకు పట్నంలో కొవ్వు పట్టిన పెద్దబాతుకు మంచి గిరాకీ ఉంటుంది. కొయ్యకాళ్ళలో రాలిన గింజ తింటే అవి బ్రహ్మాండంగా బలుస్తాయి. అందుకని ఆయన పోలీసును నిలబెట్టి, బాతుల్ని లోపలికి తోలారు. పోలీసు బాతులకేమీ అడ్డు చెప్పలేదు. పోలీసులు ఎవరికి అడ్డు చెప్పాలో వాళ్ళకు తెలుసు.

మేం కంచె బయట గోనెసంచులు పట్టుకుని నిలబడ్డాం. నా పక్కన మా అత్త డోర్కస్. ఆమెకు ఆ ఏడు ఒకే దిగులు. పిండి లేకపోతే మా ఇద్దరికీ పట్నంలోని బీదల కొట్టమే గతి. అక్కడ నడవగలిగినవాళ్ళను ఒక గదిలోనూ, నడవలేనివాళ్ళను ఇంకొక గదిలోనూ పడుకోబెడతారు. ఎవరైనా పట్టుకుంటే తప్ప అత్త నడవలేదు.

"ఒసే కెజీయా," అంది అత్త, బాతుల్ని చూస్తూ. "ఆ ముందు పోయేదాన్ని చూడవే. మన జనవరి రొట్టె మొత్తం అదే మింగేసింది. దాని నడక చూడు, పెల్లింగ్ పెళ్ళాం చర్చికొస్తున్నట్టు లేదూ?"

"ఊరుకో అత్తా, వింటారు."

"వింటే విననీ. బాతులకు చెవులుంటాయా ఏం?"

మేం నోక్స్ దగ్గరికి వెళ్ళాం. నోక్స్ చర్చిలో అందరి తరఫునా ఆమెన్ చెప్పే ఉద్యోగి. గంట కొట్టడం, గోతులు తవ్వడం కూడా ఆయన శాఖలే. తీరిక వేళల్లో చెప్పులు కుడతాడు. నోట్లో మేకులు పెట్టుకుని మా మాట విన్నాడు.

"నాకు మాత్రం సరదానా అమ్మా?" అన్నాడు మేకులు చేతిలోకి ఉమ్ముకుని. "పోలీసు పోయాడని ఎవరైనా పెద్దమనిషి నలుగురిలో నిలబడి నోరారా చెప్పాలి. అప్పుడు ఈ తాడు లాగుతాను. అంతవరకూ తాడు తాడే, నేను నేనే."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే చెప్పులు కుట్టుకుంటాను."

మర్నాడు పాదిరి క్రేల్ గారు పొలం పక్కగా వచ్చారు. ఆయన పట్నంలో పుట్టి పుస్తకాల్లో పెరిగినవారు. చూపు ఒక గజం దాటదు, మంచితనం మాత్రం మైళ్ళు పోతుంది. కంచె దగ్గర మమ్మల్ని చూసి టోపీ తీశారు.

"ఎందుకమ్మా ఇలా నిలబడ్డారు?"

"పోలీసు ఇంకా కదల్లేదండి, అయ్యగారూ," అంది అత్త.

"పోలీసా? ఈ పొలంలోనా?"

"అదుగోండి, నడిమధ్యన. పొద్దున్నుంచీ అక్కడే."

"పాపం! భోజనానికైనా వెళ్ళడా?"

"ఆయనకు తిండి యావ లేదండి. మంచినీళ్ళు కూడా అడగడు. మా బడ్డులాగా సారాకొట్టు దగ్గర కూర్చునే రకం కాదు," అంది అత్త. ఆ చివరి మాటను పాదిరిగారు వినలేదు. అప్పటికే ఆయన కళ్ళు చెమర్చాయి. కంచె మీదుగా వంగి, పొలం నడుమకు శుభోదయం చెప్పారు. జవాను తల ఊపాడు. ఆ పూట గాలి బాగానే వీస్తోంది.

ఆదివారం ప్రసంగమంతా దాని మీదే. "మన మధ్య ఒక మనిషి ఉన్నాడు," అన్నారు పాదిరిగారు. "ఆయన మాట్లాడడు, ఫిర్యాదు చేయడు, నిలబెట్టినచోట నిలబడతాడు. మనలో ఎందరం అలా ఉండగలం?" ఊరంతా తలలు వంచుకుని విన్నాం. కొందరి భుజాలు కదిలాయి. అది పశ్చాత్తాపమని ఆయన అనుకున్నారు.

మరి నిజం ఎందుకు చెప్పలేదంటారా? పెద్దవాళ్ళు పొరబడినప్పుడు సరిదిద్దడం మా ఊరి మర్యాద కాదు. పైగా క్రిస్మస్‌కు ఎవరికి బొగ్గు ఇవ్వాలో, ఎవరికి కంబళి ఇవ్వాలో నిర్ణయించేది ఆయనే. నేనొకసారి ధైర్యం చేసి, "అయ్యగారూ, ఆ పోలీసు గడ్డేనండి," అన్నాను. "అవునమ్మా, మనమందరం గడ్డిలాంటివాళ్ళమే," అని ఆయన నా తల మీద చెయ్యి వేసి ఆశీర్వదించారు. ఇంక నేనేం చెప్పను?

ఆకాశంలో మబ్బులు పట్టాయి. వాన పడితే నేల మీది వెన్నులు మొలకలెత్తి పాడవుతాయని మా గుండెలు దడదడలాడాయి. పాదిరిగారి గుండె కూడా దడదడలాడింది, పోలీసు తడుస్తాడని. ఆయన వడ్రంగి గార్లిక్‌ను పిలిచి, కాపలా మనిషికి ఒక చెక్క గూడు చేయమన్నారు. గార్లిక్‌కు శవపేటికల కొలతలు తప్ప వేరే కొలతలు రావు. మూత లేని శవపేటిక ఒకటి చేసి, పొలం నడుమ నిలువునా పాతి, పనను లోపల నిలబెట్టి వచ్చాడు. పాతేటప్పుడు పోలీసును ముట్టుకున్నాడు గనుక ఇకమీదట తనకు పరిగె హక్కు ఉండదేమోనని ఒక పూట బెంగపడ్డాడు కూడా. ప్రభుత్వపు పని మీద ముట్టుకుంటే దోషం లేదని నోక్స్ తీర్పు చెప్పాడు.

తర్వాత వాన వచ్చింది. దేశమంతా తడిసింది. పొలం తడిసింది, గింజ తడిసింది, మేం తడిశాం. పోలీసు ఒక్కడే పొడిగా ఉన్నాడు. బాతులు కూడా ఆ గూట్లోకే దూరాయి.

"అదృష్టమంటే అదీ," అంది అత్త, ముక్కు తుడుచుకుంటూ. "నేనూ ఓ మూల నిలబడి నోరు మూసుకుని ఉంటే నాకూ గూడు కట్టేవాళ్ళేమో."

"నువ్వు నోరు మూసుకోవడమా అత్తా? అంత కష్టపడాలా?"

"అదేలే. అందుకే తడుస్తున్నా."

ఈలోగా పాదిరిగారు జిల్లా పెద్దలకు పోలీసును మెచ్చుకుంటూ విన్నవించారు. జిల్లా పెద్దలు ఆ మాటను ఇంకా పై పెద్దలకు విన్నవించారు. మెట్టు ఎక్కిన కొద్దీ మా పోలీసు సుగుణాలు పెరిగాయి. చివరికి జవాను బడ్‌కు పిలుపు వచ్చింది. అప్పటికి ఆయన సారాకొట్టు బల్ల దగ్గర విధుల్లో ఉన్నారు. తను ఒక పొలంలో వాననకా ఎండనకా నిలబడ్డానని విని మొదట ఆశ్చర్యపోయారు. రెండో గ్లాసుకు కొంచెం గుర్తొచ్చింది. మూడో గ్లాసుకు మోకాళ్ళు కూడా నొప్పి పెట్టాయి.

"నేను చేసిందేముంది?" అన్నారు వినయంగా. ఆయన జీవితంలో చెప్పిన అక్షరసత్యం అదొక్కటే. ఊరంతా ఆ వినయాన్ని మెచ్చుకుంది.

బుధవారం ఉదయం చర్చిలో వీడ్కోలు సభ. కొత్త కోటు మీద మూడు పట్టీలతో బడ్ గారు ముందు వరుసలో కూర్చున్నారు. పట్నం బండి బయట సిద్ధంగా ఉంది. చర్చి పెద్దగా పెల్లింగ్ గారు ప్రసంగించాలి. పట్నం అధికారి ఒకరు వచ్చి కూర్చున్నారు గనుక పెల్లింగ్ గారు గొంతు సవరించుకుని, చెయ్యి గుండె మీద వేసుకుని, ఉన్న మాటలన్నీ వాడేశారు.

"సోదరులారా! ఏ పోలీసు కాపలాలో మనం నిశ్చింతగా నిద్రపోయామో, ఏ పోలీసు నీడలో మన పొలాలు భద్రంగా ఉన్నాయో, ఆ పోలీసు వెళ్ళిపోయాడు! ఈ క్షణం నుంచి ఈ ఊళ్ళో పోలీసు లేడు! ఈ మాట చెప్పడానికి నా గుండె తరుక్కుపోతోంది, అయినా నోరారా చెబుతున్నాను, పోలీసు వెళ్ళిపోయాడు!"

"ఆమెన్," అన్నాడు నోక్స్. అని, నింపాదిగా లేచి, తాడు దగ్గరికి నడిచి, గంట కొట్టాడు.

ఆ గంట మోగగానే చర్చిలో సగం బల్లలు ఖాళీ అయ్యాయి. గోనెసంచులు మేం కూర్చున్న బల్లల కిందే ఉన్నాయి. మా అత్తను నేనూ, గార్లిక్ భార్యా చెరో పక్కా పట్టుకుని దాదాపు మోసుకుపోయాం. దారిలో ఆమె, "నెమ్మదే, నేను పరిగెకు పోతున్నానా, పాతరకు పోతున్నానా?" అని అరుస్తూనే ఉంది. కంచె తీసి లోపల పడ్డాం.

పెల్లింగ్ గారు వెనకే పరుగెత్తుకొచ్చారు. "ఆగండి! పోలీసు ఉన్నాడు! అదుగో, గూట్లో నిలబడే ఉన్నాడు! మీ కళ్ళు పోయాయా?"

"ఇప్పుడేగా బాబుగారూ, మీరే లేడన్నారు," అంది అత్త, వంగిన నడుము ఎత్తకుండానే. "చర్చిలో నిలబడి చెప్పారు. అబద్ధమంటారా?"

ఇంతలో పాదిరిగారు రొప్పుతూ వచ్చారు. పెల్లింగ్ గారు ఆయన చెయ్యి పట్టుకుని గూటి వైపు చూపించారు. "చూడండి అయ్యగారూ! ఉన్నాడా లేడా, మీరే చెప్పండి!"

పాదిరిగారు చాలాసేపు అటు చూశారు. తర్వాత పెల్లింగ్ గారి భుజం మీద మెల్లగా చెయ్యి వేశారు. "ఆప్తులు దూరమైనప్పుడు అలాగే అనిపిస్తుంది నాయనా. ఎటు చూసినా వాళ్ళే కనిపిస్తారు. నాకూ ఇప్పుడు ఒక్క క్షణం కనిపించాడు. రండి, ఇంటికి పోదాం." అలా ఆయన్ను ఓదారుస్తూ తీసుకుపోయారు. పెల్లింగ్ గారు దారంతా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నారు.

బాతులు వదిలింది, వాన వదిలింది మాకు మిగిలింది. సగం మొలకెత్తిన గోధుమ. ఆ పిండితో రొట్టె సరిగా పొంగదు, నాలుకకు అంటుకుంటుంది, కాస్త తియ్యగా ఉంటుంది. చలికాలమంతా అదే తిన్నాం. అత్తను బీదల కొట్టానికి పంపే అవసరం రాలేదు. రొట్టె బాగా లేదని మాత్రం ఆమె ఈస్టర్ దాకా తిడుతూనే ఉంది. అంత ఓపికగా తిట్టగలిగిందంటే రొట్టెలో బలం ఉన్నట్టే.

పెల్లింగ్ గారు మాత్రం తెలివైన మనిషి. ఒక తప్పును రెండోసారి చేయరు. మరుసటి ఏడు కోతలయ్యాక పొలం నడుమ మళ్ళీ ఒక పన నిలబెట్టి, ఊరందరినీ పిలిచి ప్రకటించారు. "ఇది పోలీసు కాదు. పోలీసులకు బదిలీలుంటాయి. దీని పేరు పాదిరి. పాదిరి ఉన్నంత వరకూ లోపలికి ఎవరూ రాకూడదు." చట్టప్రకారం ఆలోచిస్తే ఇందులో ఒక్క లోపమూ లేదు. పోలీసుకు బదిలీ ఉంటుంది, పాదిరికి ఉండదు. ఒకసారి చర్చి ఇచ్చారంటే ప్రాణం పోయేదాకా ఆ ఊరే.

క్రేల్ గారికి మా మీద ఇప్పుడు ఎంతో ప్రేమ. కోతల కాలం వస్తే చాలు, ఊళ్ళో విధవలందరం వరసగా ఆయన గుమ్మంలో నిలబడి, దగ్గు ఎలా ఉందండీ, రాత్రి ఆయాసం వచ్చిందా, ముఖం కాస్త పాలిపోయినట్టుందే అని అడుగుతాం. తమ పాదిరి ఆరోగ్యం గురించి ఇంతగా ఆరా తీసే జనాన్ని తను ఎక్కడా చూడలేదని ఆయన ప్రసంగంలో చెప్పి కన్నీళ్ళు పెట్టుకున్నారు. మేమూ పెట్టుకున్నాం. ఆయన ఆ రోజు ఒక్కసారి కూడా దగ్గలేదు మరి.